బడ్జెట్ వేల కోట్లుంటే ఇంటి పన్ను పెంచడం ఎందుకు? ఆ ఫార్వర్డ్‌కు జవాబు

కార్పొరేషన్ బడ్జెట్ సమావేశం దగ్గర పడిందంటే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక మెసేజ్ వచ్చి వాలుతుంది. ఊరి పేరు, కోట్ల అంకె మారతాయి, మిగతాదంతా మక్కీకి మక్కీ. సారాంశం ఇది: కార్పొరేషన్‌కు వేల కోట్ల బడ్జెట్ ఉంది. మనం ఇప్పటికే జీఎస్టీ, రోడ్ ట్యాక్స్, పెట్రోలు మీద పన్ను కడుతున్నాం. నగరం పెరుగుతోంది కాబట్టి కొత్త ఇళ్ల పన్నుతోనే ఖజానా నిండుతుంది. ఆంధ్రలో ఆస్తి విలువను బట్టి పన్ను పెట్టారు కాబట్టి రాత్రికి రాత్రి పది రెట్లవుతుంది. మొండి బకాయిలు వసూలు చేస్తే పైసా పెంచక్కర్లేదు. చివర్లో, పది మందికి పంపండి.

ఇంటి పన్ను నేనూ కడుతున్నాను. పెంపు మాట వింటే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఈ మెసేజ్ పట్టుకుని అభ్యంతరం చెప్పడానికి వెళితే రెండు నిమిషాల్లో నోరు మూయించి పంపిస్తారు. ఇందులో నిలబడే వాదన ఒకటో రెండో ఉంది. పక్కనున్న తప్పుడు మాటలు వాటినీ ముంచేస్తున్నాయి.

ముందు ఆ వేల కోట్ల సంగతి. హైదరాబాద్ నగర కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) 2025-26 బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది, అంటే 2024-25లో, ఆస్తి పన్ను కింద వసూలైనది సుమారు 2,038 కోట్లు. రెండు వేల కోట్లు దాటడం అదే మొదటిసారి, పైగా అది వడ్డీలో భారీ రాయితీ ఇచ్చి రాబట్టిన ఏడాది. మిగతా సొమ్ము ఎక్కడిది? భవన అనుమతుల ఫీజులు, ప్రభుత్వ గ్రాంట్లు, అప్పులు, ఇంకా రావాల్సినవి. బడ్జెట్ అంటే బీరువాలో ఉన్న డబ్బు కాదు, వస్తుందని వేసుకున్న లెక్క. అందులో గ్రాంట్లలో చాలావాటికి కళ్లెం ఉంటుంది. పన్నుల సొమ్ము ఎవరికెంతో సిఫారసు చేసే ఆర్థిక సంఘం సంగతి చూడండి: 15వ సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి పనులకే వాడాలని షరతు పెట్టింది. దాన్ని తీసి వీధి దీపాల కరెంటు బిల్లు కట్టడానికి లేదు. ఫ్లైఓవర్ కోసం తెచ్చిన అప్పుతో పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఇవ్వడానికీ లేదు.

అంకె చూసి గుండె బాదుకునే బదులు బడ్జెట్ పుస్తకంలో ఒక కాలమ్ చూడండి. ప్రతి పద్దు పక్కన వచ్చే ఏడాది అంచనా, ఈ ఏడాది సవరించిన అంచనా, అంతకు ముందు ఏడాది వాస్తవంగా వచ్చిన మొత్తం ఉంటాయి. ఆ మూడో అంకెను మొదటి దానితో పోల్చితే ఎంత గాలి కొట్టారో బయటపడుతుంది. కార్పొరేటర్లలో ఎంతమంది ఆ కాలమ్ దాకా వెళతారో నాకు అనుమానమే. పన్ను పెంపు మీద నిజంగా ఇరుకున పెట్టే ప్రశ్న అక్కడే ఉంది: పోయినేడు ఇంత వస్తుందని రాశారు, ఇంతే వచ్చింది, ఈసారి అంకెను నమ్మేదెలా?

ఇక జీఎస్టీ, రోడ్ ట్యాక్స్, పెట్రోలు. కడుతున్న మాట నిజం. కడుతున్నది కార్పొరేషన్‌కు కాదు. బండి కొన్నప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర రవాణా శాఖకు పోతుంది. పెట్రోలు మీద వ్యాట్ రాష్ట్రానికి, ఎక్సైజ్ కేంద్రానికి. జీఎస్టీని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి, నగరానికంటూ అందులో వాటా రాయలేదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులో 18 బాధ్యతలను పట్టణ సంస్థలకు అప్పగించదగినవిగా చూపింది. డబ్బు విషయానికొస్తే 243ఎక్స్ అధికరణం ఏం చెప్పిందంటే, ఏ పన్ను వేసుకోవచ్చో రాష్ట్ర శాసనసభ చెబితే అది వేసుకోవాలి. చాకిరీ ఒకరిది, తాళం చెవి ఇంకొకరిది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ముంబై నగరం ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే పన్ను) కూడా పోగొట్టుకుని, రాష్ట్రం ఇచ్చే పరిహారం కోసం ఎదురుచూసే స్థితికి వచ్చింది.

ఒక్క మినహాయింపు చెప్పాలి. ఇల్లో స్థలమో రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పుడు కట్టే ఒకటిన్నర శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థకు చెందాల్సిన సొమ్ము. దాన్ని వసూలు చేసేది రాష్ట్రం, కాబట్టి చేతికి రావడం రాష్ట్రం దయ. కోపం చూపించాలంటే ఇక్కడ చూపించాలి. ఫార్వర్డ్‌లో మాత్రం దీని ఊసే లేదు.

మెసేజ్‌లో అన్నిటికన్నా తెలివైన వాదన, అందుకే అన్నిటికన్నా ఎక్కువ బోల్తా కొట్టించేదీ, మూడోది: ఊరు పెరిగితే పన్ను తానే పెరుగుతుంది, రేటు ముట్టుకోవక్కర్లేదు.

శివార్లలో వెంచర్ ఎలా పుడుతుందో గుర్తు తెచ్చుకోండి. రెండు వందల ప్లాట్లు వేస్తారు, మొదటి అయిదేళ్లలో ఇళ్లు కట్టేది ముప్ఫై మంది. ఆ ముప్ఫై ఇళ్లకూ మంచినీళ్ల లైను మొత్తం పొడవునా వేయాలి. వీధి దీపాలు అన్నిటికీ పెట్టాలి, చెత్త బండి చివరి ఇంటి దాకా పోవాలి. వెంచర్ వేసినాయన లేఅవుట్ ఫీజు, ఇల్లు కట్టుకున్నాయన ప్లాన్ ఫీజు కట్టిన మాట నిజమే, అవి ఒక్కసారే వస్తాయి. కాలువ పూడిక ఏటా తీయాలి. ఆ ఫీజుల డబ్బుతో ఈ ఏడాది జీతాలు గడుస్తాయి, వచ్చే ఏడాది రియల్ ఎస్టేట్ చల్లబడితే రాబడి పడిపోతుంది, కాలనీ మాత్రం ఎక్కడికీ పోదు. దీనికి తోడు, నగరంలో విలీనమైన పంచాయతీలు పాత గ్రామ పన్నుతో వచ్చి నగర సౌకర్యాలు అడుగుతాయి. అడగడంలో తప్పు లేదు. ఖర్చు ముందు, రాబడి తర్వాత అనేదే విషయం. పెరిగే ఊళ్లలో ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది.

రాబడి తర్వాతైనా వస్తుందా అంటే, కొలిస్తేనే వస్తుంది. ఇక్కడ ఫార్వర్డ్ రాసినాయన తనకు తెలియకుండానే నిజం పక్కకు వచ్చి ఆగాడు. 2016-17 ఆర్థిక సర్వే ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి, బెంగళూరు, జైపూర్ నగరాలు రావాల్సిన ఆస్తి పన్నులో 5 నుంచి 20 శాతానికి మించి వసూలు చేయడం లేదని తేల్చింది. మన వీధిలోనే చూడండి. కాగితంలో రేకుల ఇల్లు, ఎదురుగా మూడంతస్తుల భవనం. కింద అంతా షాపులు, రికార్డులో నివాసం. రేటు పెంచితే ఆ భారం ఇప్పటికే సరిగ్గా కొలిపించుకున్నవాడి మీద పడుతుంది, దాక్కున్నవాడికి మళ్లీ సున్నాయే. పెంపును వ్యతిరేకించడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు. ‘ఊరు పెరిగితే చాలు’ అనడం వేరు, ‘ముందు కొలతలు సరిచేయండి, తర్వాత రేటు మాట్లాడండి’ అనడం వేరు. రెండోదానికి అధికారులు జవాబు చెప్పుకోవాలి.

పది రెట్లు అనే భయానికి వద్దాం. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్, ఇంటికి ఎంత అద్దె వస్తుందో చూసి పన్ను వేసే అద్దె విలువ పద్ధతి తీసేసి, రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే మూలధన విలువ (అంటే ఆస్తి మొత్తం ఖరీదు) మీద పన్ను వేసే పద్ధతికి మారింది, 2021-22 నుంచి అమలు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, వాణిజ్యానికి 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చు. సొంతంగా ఉండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే. అన్నిటికన్నా ముఖ్యం, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి రాత్రికి రాత్రి పది రెట్లు అన్నది అబద్ధం.

అలాగని ‘15 శాతమే కదా’ అని చెప్పే నాయకుణ్ణీ నమ్మకండి. నలభై లక్షల విలువైన ఇంటికి 0.15 శాతం అనుకుంటే కొత్త పన్ను 6,000. పాతది 3,000 అయితే 3,450, 3,968, 4,563, 5,247 అవుతూ అయిదో పెంపుకల్లా 6,000కు చేరుతుంది. అంటే అయిదేళ్లలో రెట్టింపు. జీతం అంత పెరిగినవాళ్లు చేతులెత్తండి! ఇంకో చిక్కు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడల్లా (2025 ఫిబ్రవరి 1న అలాగే సవరించారు) ఆ 6,000 గీత కూడా పైకి జరుగుతుంది. ఇల్లు అమ్ముకునేవాడికి పెరిగిన విలువ లాభం. పింఛను మీద అదే ఇంట్లో ఉండే పెద్దాయనకు అది కాగితం మీది లాభమే, పన్ను మాత్రం నగదులో కట్టాలి.

ఇంత నొప్పి ఎందుకొచ్చిందంటే, ఆంధ్రలో 2002 తర్వాత నివాస భవనాల పన్ను సవరించకపోవడం వల్ల. అయిదేళ్లకోసారి సవరించాలని చట్టంలో ఉంది. ఏ ప్రభుత్వమూ ఎన్నికల టెన్షన్‌లో ఆ పని ముట్టుకోలేదు. చివరికి కదిలించింది కూడా మన మీద ప్రేమ కాదు. 2020లో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పుకు అనుమతి ఇస్తూ, ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టాలని షరతు పెట్టింది. దాన్ని దేశంలో ముందుగా పూర్తి చేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. 2021 నుంచి ఆర్థిక సంఘం గ్రాంటుకూ ఇదే దారి: కనీస రేటు ప్రకటించాలి, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలి. కమిషనర్ దురాశ అని రాసుకుంటే ఈ కథంతా కనపడదు.

ఆంధ్రలో చెత్త పన్ను రద్దయింది కదా, ఇదీ అలాగే రద్దు చేయించవచ్చని కొందరు కింద తోక తగిలిస్తున్నారు. 2024 చివర్లో అది రద్దయింది, నిజం. చెత్త మాత్రం రద్దు కాలేదు. ఆ బండ్ల ఖర్చు కార్పొరేషన్ సాధారణ నిధి మీద పడింది, మన ఇంటి పన్ను పోయేదీ ఆ నిధిలోకే.

మిగిలింది బకాయిలు. ఇందులో సగం న్యాయం ఉంది. నెలకు 2 శాతం వడ్డీ అని చట్టం బెదిరిస్తుంది, తర్వాత వడ్డీ మాఫీ పథకం వస్తుంది. హైదరాబాద్‌లో 2020, 2022, 2024, 2025 సంవత్సరాల్లో వడ్డీలో 90 శాతం దాకా మాఫీ చేశారు. ఏప్రిల్‌లోనే మొత్తం కట్టినవాడికి దక్కేది 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి అంతకు ఎన్నో రెట్లు. ఓపిక పట్టినవాడే లాభపడతాడని కార్పొరేషనే నేర్పుతుంటే బకాయిలు ఎలా తరుగుతాయి? 2020 నవంబరులో, జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు, పన్ను 15,000 లోపు ఉన్న ఇళ్లకు సగం మాఫీ ప్రకటించిన సంగతీ మరిచిపోవద్దు. అప్పుడు ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ రాలేదు.

బకాయిల జాబితాలో పెద్ద అంకెలు ప్రభుత్వ కార్యాలయాలవే ఉంటాయి. అయితే వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు 285 అధికరణం కింద ఆస్తి పన్ను లేదు. 2009లో రాజ్‌కోట్ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం, అందుతున్న సేవలను బట్టి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతం సేవా చార్జీ కట్టాలి. రాష్ట్ర కార్యాలయాలకు ఆ సాకు లేదు. వార్డు కమిటీలోనో అభ్యంతరాల గడువులోనో అడగాల్సింది ఈ ముక్క: మా జేబులోంచి 15 శాతం అదనంగా తీసుకునే ముందు, మీ ప్రభుత్వ శాఖలు ఎంత బాకీ ఉన్నాయో పేర్లతో సహా పెట్టండి. అడిగేటప్పుడు మన పన్ను రసీదూ వెంట ఉంచుకోండి, అందులో గ్రంథాలయ సెస్సు అని 8 శాతం ఉంటుంది. మన దగ్గర వసూలు చేసిన ఆ సొమ్ము గ్రంథాలయాలకు చేరిందా అన్నది కూడా అప్పుడే అడగొచ్చు.