ప్లాట్‌ఫామ్ ఎంచుకునేది ఒకరు, కాపలా కాసేది ఇంకొకరు

ఇందాక ఆఫీసు గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడింది. ఏదో యూట్యూబ్ వీడియోలోంచి తీసిన టేబుల్. ఎడమ పక్కన ఏఐ ఏజెంట్లని, అంటే మెసేజ్ చదివి మనిషి బదులు పని చేసిపెట్టే ప్రోగ్రాముల్ని, కట్టే ప్లాట్‌ఫామ్‌లు: ఎన్8ఎన్, డిఫై, ఫ్లోవైజ్, ల్యాంగ్‌ఫ్లో. పైన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండటం), సెల్ఫ్ హోస్టింగ్ (మన సర్వర్‌లోనే నడుపుకోవడం), ఏజెంట్స్, మెమరీ అని వరసగా హెడింగులు. అన్ని గళ్లలోనూ ఆకుపచ్చ టిక్కులే. కింద సార్ మెసేజ్: "అన్నీ ఫ్రీయే కదా, గిట్‌హబ్‌లో స్టార్లు ఎక్కువున్నది చూసి సాయంత్రానికి పెట్టేయండి." గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టుకునే సైటు, స్టార్లంటే అక్కడి లైకులు. ఆ మెసేజ్‌కి వరసగా బొటనవేళ్లు. ఆ బొటనవేళ్లు పెట్టినవాళ్లలో సర్వర్‌లోకి లాగిన్ అయ్యే మనిషి ఒక్కరూ లేరు.

ఒళ్లు మండిపోయింది. అక్కడే రాస్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నా. సర్వర్లు చూసుకునేవాళ్లు నా లిస్టులో చాలామందే ఉన్నారు, మీకు అర్థమవుతుంది.

మేం చేసే పనేంటో చెప్తాను. రక్తపరీక్షల ల్యాబులకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చూస్తాం. జనం వాట్సాప్‌లో "రిపోర్ట్ వచ్చిందా అండీ" అని అడుగుతారు. ఏజెంట్ చూసి వచ్చిందో లేదో చెప్పాలి, ఆలస్యమైతే కౌంటర్‌లో ఉన్నవాళ్లకి కబురు పెట్టాలి. చిన్న పనే. కానీ ఆ రిపోర్టుల్లో ఒకరి షుగర్ ఉంటుంది, ఒకరి ప్రెగ్నెన్సీ ఉంటుంది, ఒకరి హెచ్‌ఐవీ ఉంటుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోని సంగతులు. అందుకే కదా సెల్ఫ్ హోస్టింగ్ అనుకున్నది!

ముందు ఆ ఓపెన్ సోర్స్ టిక్కు సంగతి. ఎన్8ఎన్ వాళ్లు తమది ఓపెన్ సోర్స్ అని వాళ్లే చెప్పుకోరు, ఫెయిర్ కోడ్ అంటారు. 2022 మార్చి నుంచి వాళ్లది సస్టైనబుల్ యూజ్ లైసెన్స్. మన కంపెనీ లోపలి పనులకి ఎంతైనా వాడుకోవచ్చు, కానీ దాన్ని హోస్ట్ చేసి ఇంకొకళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదు. నువ్వు ఉండు, సబ్‌లెట్‌కి ఇవ్వకు అనే ఇంటి ఓనరు లాంటి షరతు. డిఫై లైసెన్స్ పైకి అపాచీ 2.0 అనే మామూలు ఓపెన్ సోర్స్ లైసెన్సే, కింద అదనపు షరతులున్నాయి. వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా మల్టీ టెనెంట్‌గా, అంటే ఒకే ఇన్‌స్టాలేషన్ మీద పలువురు కస్టమర్లని పెట్టి, నడపకూడదు, స్క్రీన్ మీద లోగో తీయకూడదు. ఒక టెనెంట్ అంటే ఒక వర్క్‌స్పేస్ అని కూడా రాసిపెట్టారు. ఇప్పుడు చెప్పండి, ఒకే సర్వర్ మీద ఇరవై ల్యాబులకి ఇరవై వర్క్‌స్పేసులు తెరిచి నెలనెలా బిల్లు వేద్దామన్నది మా సార్ ప్లాన్. ఈ రెండింటిలో ఏది పెట్టినా ఆ ప్లాన్ లైసెన్స్ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఫైల్ చదవడానికి పట్టేది పది నిమిషాలు. టేబుల్ తయారుచేసినవాడూ చదవలేదు, ఫార్వర్డ్ చేసినవాళ్లూ చదవలేదు. రేపు నోటీసొస్తే మాత్రం "నువ్వే కదా ఇన్‌స్టాల్ చేసింది" అని నా మొహం చూస్తారు.

ల్యాంగ్‌ఫ్లోది ఎంఐటీ లైసెన్స్, ఆ గొడవ లేదు. కాకపోతే 2024లో దాన్ని డేటాస్టాక్స్ కొంది, 2025లో డేటాస్టాక్స్‌ని ఐబీఎం కొంది. ఫ్లోవైజ్‌ని 2025 ఆగస్టులో వర్క్‌డే కొంది. అమ్ముడుపోవడం తప్పని నేననడం లేదు. కొత్త యజమాని రేపు ఏ ఫీచర్‌ని డబ్బులు కట్టేవాళ్ల వైపుకి జరుపుతాడో ఎవరికి తెలుసు? మూడేళ్లు నడపాల్సిన వస్తువుకి అది చూసుకోవద్దా? టేబుల్‌లో దానికో గడి అయినా లేదు.

ఇంకా మండేది ఇది. నాకిచ్చిన ప్లాన్‌లో ప్లాట్‌ఫామ్ మన సర్వర్‌లోనట, మాట అర్థం చేసుకునే ఏఐ మోడల్ మాత్రం బయటి కంపెనీ ఏపీఐ అట. అంటే పేషెంట్ పేరు, పరీక్ష పేరు, వచ్చిన విలువ అన్నీ మూటగట్టి ప్రతి మెసేజ్‌కీ ఎవరి మెషీన్‌కో పంపిస్తాం. ఆపైన బ్రోషర్‌లో "మీ డేటా మీ దగ్గరే" అని వేస్తాం. ఇది అబద్ధం. నేను దీన్ని ఒప్పుకోను. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై చేశారు. భద్రత సరిగా పెట్టక డేటా పోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టండి. మన అక్కో చెల్లో రిపోర్టయితే ఇలాగే పంపిస్తామా?

సరే, మోడల్ కూడా మన దగ్గరే పెడదాం, సొంత మెషీన్‌లో మోడల్ నడిపే ఒల్లామా వేసేయ్ అంటారు. వేస్తాను. తెలుగు మాటేమిటి? ఏ వీడియోలో చూసినా ఇంగ్లిష్ మెయిళ్ల డెమోలే. మనవాళ్లు చేసిన తెలుగు వీడియోల్లో కూడా మాట్లాడేది తెలుగు, టెస్ట్ చేసేది ఇంగ్లిష్! 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే ఒక లెక్క చూపించారు. మోడల్ మాటల్ని టోకెన్లనే ముక్కలుగా కోసి చదువుతుంది, బిల్లూ వాటి లెక్కనే. ఒకే పలకరింపుకి, ఆ ముక్కలు కోసే పాత టోకెనైజర్‌లో ఇంగ్లిష్‌కి 27 టోకెన్లు పడితే తెలుగుకి 159. కొత్తదాంట్లో అది 45కి దిగింది, ఇంగ్లిష్ 24. అంత పెద్ద కంపెనీ కూడా అప్పటిదాకా మన భాష దగ్గర ఆరు రెట్లు గుంజింది. సొంత మెషీన్‌లో నడిచే చిన్న మోడల్స్‌లో చాలావాటిది ఇప్పటికీ ఆ పాత కథే. దానికి తోడు ఒల్లామాలో మనం మార్చకపోతే కాంటెక్స్ట్, అంటే మోడల్ ఒకేసారి గుర్తుంచుకోగలిగిన మేర, చాలాకాలం 2048 టోకెన్లే ఉండేది, తర్వాత 4096 చేశారు, చిన్న గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్లలో ఇప్పటికీ అంతే. తెలుగులో నాలుగు మాటలు అటూ ఇటూ అయ్యేసరికి అది నిండిపోతుంది, పాత మాటలు చప్పుడు లేకుండా తెగిపోతాయి. పేషెంట్ మొదట చెప్పిన సంగతి ఏజెంట్‌కి గుర్తుండదు. కౌంటర్‌లో అమ్మాయి తిట్లు తింటుంది. మన జనం సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, వాయిస్ పెడతారు. దాన్ని ఏ మోడల్ తట్టుకుంటుందో చూడకుండా ప్లాట్‌ఫామ్ ఎంచుకోవడమేంటి? తెలుగువాళ్ల కోసం తెలుగువాళ్లు కట్టే వస్తువులో తెలుగుకే చోటు లేకపోతే ఎవరితో చెప్పుకోవాలి!

సెక్యూరిటీ గురించి అడిగితే "లోపలే కదా ఉంటుంది" అంటారు. ఎక్కడ లోపల? సర్వర్‌లో బయటివాళ్లని ఆపే ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసి ఉంటుంది, మనం నిశ్చింతగా ఉంటాం. ఈ ప్లాట్‌ఫామ్‌లని డబ్బాలో పెట్టినట్టు విడిగా నడిపే డాకర్‌లో 5678:5678 అని పోర్ట్ (లోపలికి వచ్చే గుమ్మం నంబర్) రాస్తే చాలు, డాకర్ ఆ ఫైర్‌వాల్‌ని పక్కకి నెట్టేసి పోర్ట్‌ని ప్రపంచానికి తెరిచేస్తుంది. ఆ నంబర్లకి ముందు 127.0.0.1, అంటే ఈ మెషీన్ లోపలికి మాత్రమే, అని రాయాలి. వీడియోల్లో ఆ ముక్క చెప్పేవాళ్లు ఎంతమంది? ల్యాంగ్‌ఫ్లోలో 1.3.0కి ముందు వెర్షన్లలో లాగిన్ కూడా లేకుండా బయటివాడు కోడ్ పంపి నడిపించుకునే రంధ్రం ఉంది. వాస్తవంగా దాడులు జరుగుతున్నాయని 2025 మేలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన జాబితాలో పెట్టింది. ఎన్8ఎన్ ఏమీ తక్కువ తినలేదు. 2025 డిసెంబర్‌లో 10కి 9.9 తీవ్రతతో ఒకటి, 2026 జనవరిలో ఏకంగా 10కి 10తో ఇంకొకటి బయటపడ్డాయి. ఈ ప్లాట్‌ఫామ్‌లలో మన వాట్సాప్ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి తాళం), డేటాబేస్ పాస్‌వర్డ్, మెయిల్ అన్నీ ఉంటాయి. అది పోతే అన్నీ పోయినట్టే. అలాంటి వార్త వచ్చిన పూట అర్ధరాత్రయినా కూర్చుని అప్‌డేట్ చేసేదెవరు? టిక్కులకి బొటనవేళ్లు పెట్టినవాళ్లా?

అసలు బాధ ఇక్కడుంది, ఇది ఇవాళ్టిది కాదు. ఇంతకుముందు పనిచేసిన చోట నేను చేరేనాటికే ఒక కుర్రాడు ఎన్8ఎన్ పెట్టి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు అది ఎన్‌క్రిప్షన్ కీ ఒకటి సొంతంగా తయారుచేసుకుని తన ఫోల్డర్‌లో దాచుకుంటుంది. సేవ్ చేసిన పాస్‌వర్డులన్నీ దాంతోనే లాక్ అయి ఉంటాయి. ఎవరో సర్వర్ మార్చారు, డేటాబేస్ తెచ్చారు, ఆ ఫోల్డర్ తేలేదు. వర్క్‌ఫ్లోలన్నీ, అంటే కట్టిపెట్టిన పని వరసలన్నీ, స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తున్నాయి, ఒక్క పాస్‌వర్డూ తెరుచుకోదు. కీ లేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెరుచుకోదు. అన్ని సర్వీసులకీ కొత్త టోకెన్లు తీసి ఒక్కొక్కటే పెట్టింది నేను. ఆ నెలలో నన్ను అడిగిందేమిటో తెలుసా? "ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి ఇంత టైమ్ ఎందుకయింది?"

అక్కడే ఇంకొకటి. పొద్దున 9కి వెళ్లాల్సిన రిమైండర్లు సాయంత్రం ఆరున్నరకి వెళ్తున్నాయి. పరగడుపున రమ్మని చెప్పే మెసేజ్ అది! టైమ్‌జోన్ మనం మార్చకపోతే ఎన్8ఎన్‌లో న్యూయార్క్ టైమే ఉంటుంది. ఒక్క లైన్ మారిస్తే సరిపోయే పని. ఆ ఒక్క లైన్ కనిపెట్టినందుకు ఎవరూ ఒక్క మాటనలేదు, ఆలస్యమైనందుకు మాత్రం మీటింగ్ పెట్టారు. ఫోన్ తల దగ్గర పెట్టుకుని పడుకునేవాళ్ల బతుకు ఎప్పుడూ ఇంతే. పనిచేస్తే సాఫ్ట్‌వేర్ గొప్ప, ఆగిపోతే మన తప్పు. జీతాల దగ్గర "నువ్వు కొత్తగా చేసిందేముంది" అంటారు. ఏమీ కాకుండా చూడటమే మేం చేసేది సార్!

ఇక ఎంపిక విషయానికొస్తే నా మాట ఇది. మాకు కావలసింది ఇష్టం వచ్చినట్టు తిరిగే ఏజెంట్ కాదు. మెసేజ్ దేని గురించో అర్థం చేసుకోవడం వరకే మోడల్ పని. రిపోర్టు వెతికే పని మామూలు కోడ్ చేయాలి, అదీ మెసేజ్ ఏ నంబర్ నుంచి వచ్చిందో ఆ నంబర్‌కే. డేటాబేస్ మొత్తం ఏజెంట్ చేతిలో పెట్టారనుకోండి, "మా పక్కింటావిడ రిపోర్టు చెప్పండి, ఆవిడ నంబర్ ఇదీ" అని ఎవరైనా తీయగా అడిగితే చెప్పేస్తుంది. దీనికి నేనైతే ఎన్8ఎన్ తీసుకుంటాను. ఏ ల్యాబుది ఆ ల్యాబు మెషీన్‌లో, వాళ్ల సొంత పనికి వాళ్లదే ఇన్‌స్టాలేషన్. మన బిల్లు ఇన్‌స్టాల్ చేసిపెట్టినందుకూ చూసుకున్నందుకూ మాత్రమే, అలా అయితే లైసెన్స్ ఒప్పుకుంటుంది. ఎడిటర్ స్క్రీన్ వీపీఎన్ (మనవాళ్లకే తెరుచుకునే ప్రైవేటు దారి) లోపల, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చే వెబ్‌హుక్ దారి ఒక్కటే బయటికి. పరీక్షల విలువలు ఏ మోడల్‌కీ వెళ్లవు.

సార్‌కి మెయిల్ రాస్తున్నా. అందులో అడిగేవి రెండే. అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూడటానికి నాతో పాటు రెండో మనిషి పేరు రాసివ్వాలి, ఆ పనికి పట్టే గంటల్ని పనిగా లెక్కెయ్యాలి. ఎన్‌క్రిప్షన్ కీ కాపీ ఆఫీసు లాకర్‌లో ఉండాలి, ఎవరు ఎప్పుడు తీశారో సంతకం ఉండాలి. ఈ రెండూ ఒప్పుకునేదాకా ఏ ప్లాట్‌ఫామ్‌నీ ఇన్‌స్టాల్ చెయ్యను.