లేచి వెళ్ళగలిగే మనిషికి డైపర్ ఎందుకండీ?

తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో పెద్దవాళ్ళు ఆసుపత్రిలో చేరితే, ఇంట్లోవాళ్ళు మందులతో పాటు తెచ్చేది డైపర్ల ప్యాకెట్. మనిషి లేవగలరా, వచ్చినప్పుడు చెప్పగలరా, ఇటూ అటూ పట్టుకుంటే బాత్రూం దాకా రాగలరా అని ఎవరూ చూడరు. ముందు వేసేస్తే అందరికీ నిశ్చింత. దీని మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. ఇవాళ రాసేస్తున్నాను.

నేను కోనసీమలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంట్‌ని. ఇదే పని చేసేవాళ్ళని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆడవాళ్ళైతే ఎఫ్‌ఎన్‌ఓ (ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ), మగవాళ్ళైతే ఎంఎన్‌ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అంటారు. బంధువులకి మాత్రం అందరం ఆయాలమే, వార్డ్‌బాయ్‌లమే. బెడ్‌పాన్ పెట్టడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం, కడిగి తుడిచి బట్టలు మార్చడం మా పని. ఇది వైద్యంలో భాగం. దీన్ని వైద్యం కిందికి రాని పనిగా చూడటం వల్లే మనుషులు ఇంకా జబ్బుపడుతున్నారు.

ఎలాగంటే, పేషెంట్లు నీళ్ళు తాగడం మానేస్తారు. "మామ్మగారూ, కాసిని నీళ్ళు తాగండి" అంటే "వద్దులే అమ్మా, మళ్ళీ నిన్ను పిలవాలి" అంటారు. కొందరైతే రాత్రి అన్నం కూడా వద్దంటారు. ఆకలి లేక కాదు, తెల్లారి కోడలు మొహం చిట్లిస్తుందని భయం. జీవితమంతా ఒకరికి పెట్టిన మనిషి, ఒంటికి వస్తోందని చెప్పడానికి సిగ్గుపడి దాహం చంపుకుంటుంటే చూడటం చాలా కష్టం. నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ముసలివాళ్ళలో ఒక్కోసారి మంట, జ్వరం కంటే ముందు మాట తేడా వస్తుంది. ఉన్నట్టుండి కొడుకుని గుర్తుపట్టరు. ఇంట్లోవాళ్ళు "మతి పోయింది" అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకోకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

మోషన్ సంగతీ అంతే. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, ఐరన్ మాత్రలు, కదలకుండా పడుకోవడం, దానికి తోడు నీళ్ళు తాగకపోవడం. మలం లోపల రాయిలా గట్టిపడి అడ్డుపడుతుంది. దాని పక్క నుంచి పల్చగా నీళ్ళలా కారుతుంది. బంధువులు దాన్ని విరేచనాలు అనుకుని మందుల షాపు నుంచి మోషన్లు కట్టే మాత్ర తెచ్చి వేస్తారు. ఇంకా బిగుసుకుపోతుంది. రోజుల తరబడి సరిగా మోషన్ అవ్వని మనిషికి ఒక్కసారిగా పల్చగా కారుతుంటే మాత్ర వేయకండి, సిస్టర్‌కి చెప్పండి.

ఇక డైపర్. స్పృహ లేనివాళ్ళకి, అసలు అదుపు లేనివాళ్ళకి, దూరప్రయాణంలో అది కావాలి, నేను కాదనను. కానీ లేవగలిగిన మనిషికి వేస్తే ఏమవుతుందో మేం రోజూ చూస్తాం. డైపర్ ఉంది కదా అని లేపరు. లేపకపోతే కాళ్ళలో బలం పోతుంది. బలం పోయాక "చూశారా, లేవలేకపోతున్నారు" అంటారు. తడిలో నానిన చర్మం మెత్తబడి, నడుం కింద ఎముక దగ్గర ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తడిస్తే వెంటనే మార్చాలి. పడకపుండు ఒకసారి లోతుకి వెళ్ళిందంటే మానడానికి నెలలు పడుతుంది. ఆ డ్రెస్సింగ్ చేసేటప్పుడు పేషెంట్ పడే బాధ ముందు, బాత్రూంకి తీసుకెళ్ళే శ్రమ ఎంతండీ?

కాథెటర్, అంటే మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం కూడా అవసరం తీరాక ఒక్కరోజు ఎక్కువ ఉండకూడదు. ఎన్ని రోజులుంటే ఇన్‌ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది. "ఇంకా కావాలా సార్?" అని రౌండ్స్‌లో డాక్టర్‌ని అడిగే హక్కు మీకుంది. దానికి తగిలించిన మూత్రం బ్యాగ్ ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, నేలకి తగలకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్ళేటప్పుడు స్ట్రెచర్ మీద పేషెంట్ పొట్ట మీద బ్యాగ్ పెట్టేస్తుంటారు. బ్యాగ్‌లోది తిరిగి లోపలికి పోతుంది. ఎవరు అలా పెట్టినా వెంటనే తీయించండి.

మన పల్లెల్లో చాలా ఇళ్ళకి బాత్రూం పెరట్లోనే ఉంటుంది. మెట్లు దిగాలి. వానాకాలం వస్తే గచ్చంతా నాచు. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో, కువైట్‌లోనో ఉంటారు. మన కోనసీమ ఆడవాళ్ళు ఎంతోమంది గల్ఫ్ వెళ్ళి అక్కడి ఇళ్ళల్లో చాకిరీ చేస్తున్నారు, ఇక్కడ వాళ్ళ అమ్మకి చెయ్యి పట్టుకునే మనిషి లేదు. డెబ్భై ఏళ్ళ మామ్మగారు ఎనభై ఏళ్ళ తాతగారిని అర్ధరాత్రి పెరట్లోకి నడిపిస్తారు. ఇద్దరూ కలిసి పడతారు. కాబట్టి డబ్బు పెట్టాలంటే ముందు కమోడ్ కుర్చీకి (మంచం పక్కనే వేసుకునే టాయిలెట్ కుర్చీ), మంచం పక్కన పట్టుకునే కడ్డీకి, దారిలో లైటుకి పెట్టండి. 2022 జూలైలో గోదావరి పొంగి నది మధ్య ఉండే లంక ఊళ్ళు మునిగాయి. అలా వరద వచ్చినప్పుడు ఊళ్ళు ఖాళీ చేయించి తీసుకెళ్ళేది ఎక్కువగా స్కూళ్ళకే. అక్కడ కింద కూర్చునే టాయిలెట్‌లో మోకాళ్ళు వంగని మనిషి ఏం చేయాలి? బియ్యం, పాలతో పాటు రెండు కమోడ్ కుర్చీలు కూడా ఉండాలని అధికారులకి ఎవరైనా చెప్పాలి.

వేళకి టాయిలెట్‌కి కూర్చోవడం అలవాటు చేయడం పెద్ద విద్యేం కాదు. నిద్ర లేవగానే ఒకసారి, కాఫీ, టిఫిన్ అయిన అరగంటలోపు ఒకసారి కూర్చోబెట్టండి. తిన్నాక పేగు తనంతట తనే కదులుతుంది. కాళ్ళ కింద చిన్న పీట వేస్తే తేలిక, కానీ తుంటి కీలు మార్చినవాళ్ళకి మాత్రం వేయకూడదు, వాళ్ళ మోకాళ్ళు తుంటి కంటే పైకి రాకూడదు. బెడ్‌పాన్ తప్పనిసరి అయితే, డాక్టర్ వద్దనకపోతే, తలవైపు మంచం ఎత్తండి. వెల్లకిలా పడుకుని ఎవరికీ రాదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళని ముక్కనివ్వకండి. ఆడవాళ్ళని ముందు నుంచి వెనక్కే తుడవండి. మోషన్ నల్లగా, జిగటగా ఉన్నా, రక్తం కనిపించినా, పూటంతా మూత్రం రాకపోయినా దాచకుండా చెప్పండి. అన్నిటికన్నా ముందు కర్టెన్ వేయండి, తలుపు మూయండి. పరామర్శకి వచ్చిన చుట్టాలని బయటికి పంపండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇళ్ళకి డ్యూటీకి పంపినప్పుడు ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత పేట. కులం తెలిశాక మంచినీళ్ళ గ్లాసు వేరే వస్తుంది. వాళ్ళ అమ్మగారి ఒళ్ళు కడిగేది అదే చెయ్యి అని తెలుసు. ఇది అంటరానితనం, నేరం. నాతో పనిచేసే ఆడపిల్లలు ఇది ఎవరికీ చెప్పుకోలేక మానేసి వెళ్ళిపోతున్నారు.

రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కరినే పెట్టే యాజమాన్యాలకి కూడా చెబుతున్నా. బెల్ కొట్టిన మనిషి దగ్గరికి వెంటనే వెళ్ళాలంటే మనుషులుండాలి. ఆలస్యమైతే ఆయనే లేచి ఒంటరిగా బయల్దేరతాడు, పడతాడు. మనిషిని పెట్టకుండా డైపర్ వేయించడం పొదుపు కాదు, ఆ ఖర్చు పేషెంట్ ఒంటి మీద వేయడం.

మీవాళ్ళని డిశ్చార్జి చేసే రోజు బిల్లు హడావుడిలో పడి వెళ్ళిపోకండి. మంచం మీంచి ఎలా లేపాలి, కమోడ్ మీద ఎలా కూర్చోబెట్టాలి, ఎలా శుభ్రం చేయాలి అని మమ్మల్ని అడగండి. పేషెంట్ ముందే, మీ చేత్తోనే ఒకసారి చేయించి చూపిస్తాం. కొడుకులు కూడా రండి, కూతురికో కోడలికో వదిలేసి గుమ్మం బయట నిలబడకండి.