వర్ణన చదివి వినిపించకండి, చేతిలో పెట్టండి

మొన్న ఆదివారం విజయవాడలో ఒక లార్ప్‌కి వెళ్లొచ్చాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్. టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేసే ఆట కాదు. మనమే ఒక వేషం కట్టి కొన్ని గంటలపాటు ఆ మనిషిలాగే నడుస్తాం, మాట్లాడతాం, తింటాం, పోట్లాడతాం. రాసిపెట్టిన డైలాగులుండవు, ఎదురుగా కూర్చుని చూసే జనం ఉండరు. నాకీ ఆటంటే ప్రాణం. అందుకే ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

ఆట పెట్టింది ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో. నెత్తిన ట్యూబ్‌లైట్లు, చుట్టూ తెల్లకవర్లు తొడిగిన ప్లాస్టిక్ కుర్చీలు. ఆర్గనైజర్ అన్న మైకు పట్టుకుని ఐదారు పేజీలు చదివాడు. "మీరిప్పుడు చిమ్మచీకటి అడవిలో ఉన్నారు, ఎదురుగా నది హోరెత్తుతోంది, గాలిలో తడిమట్టి వాసన..." అంటూ. కష్టపడి రాశాడు, భాష కూడా బాగుంది, కాదనను. కానీ ఆయన చదువుతున్నంతసేపూ నా ముక్కుకి తగిలింది పక్క డైనింగ్ హాల్లో వేగుతున్న మంచూరియా వాసన. అడవి అని ఎంత గట్టిగా అనుకుందామన్నా కాళ్ల కింద నున్నటి టైల్స్. పదిహేను నిమిషాలయ్యేసరికి సగంమంది ఫోన్లు తీశారు, వాళ్లని తప్పు పట్టలేను. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో నిజమైన కృష్ణ ఒడ్డున ఉండొచ్చు కదా, ఇక్కడ కూర్చుని నదిని ఎందుకు వినాలి?

ఆటలో వర్ణన పెరగాలి, జనం లీనమవ్వాలి అని అందరూ అంటారు. అనగానే విశేషణాలు పెంచుతారు. పన్నెండు పేజీల పూర్వకథ వాట్సాప్‌లో పంపుతారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. లార్ప్‌లో వర్ణన చెవికి చెప్పేది కాదు, చేతికి ఇచ్చేది. మాటల్లోనే చెప్పాల్సి వస్తే, ఆ మాట ఆటలో ఉన్న ఒక మనిషి నోట్లోంచి రావాలి. ఆట బయట మైకు పట్టుకున్నవాడి నోట్లోంచి వచ్చిందంటే ఆ క్షణమే మనం అడవిలోంచి హాల్లోకి వచ్చి పడతాం.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఇంగ్లండ్‌లో 1982లో ట్రెజర్ ట్రాప్ అనే ఆట మొదలుపెట్టినవాళ్లు కోటని వర్ణిస్తూ కూర్చోలేదు, పెక్‌ఫోర్టన్ కోటలోకే తీసుకెళ్లి ఆడించారు. అంతదూరం ఎందుకు, మన పగటివేషగాళ్లు చేసిందేమిటి? స్టేజీ లేదు, తెర లేదు, పట్టపగలు వేషం కట్టి నేరుగా వాకిట్లోకి వచ్చేవాళ్లు. మా నాయనమ్మ చెప్పేది, సోమయాజులు, సోమిదేవమ్మ వేషాల్లో ఇద్దరొచ్చి వాకిట్లో పోట్లాడుకుంటుంటే, ఆవిడ నిజంగానే సర్దిచెప్పడానికి వెళ్లిందట. వెళ్లి, చెంబుతో మంచినీళ్లిచ్చి, ఆ సోమిదేవమ్మతో "ఊరుకో తల్లీ, మగాళ్లంతా అంతే" అందట. అప్పటివరకు చూస్తున్న మనిషి ఆ ఒక్క మాటతో ఆడే మనిషైపోయింది. అంతకన్నా లీనం కావడం ఇంకేముంది?

పోయినేడు మేం పద్నాలుగు మందిమి తెనాలి దగ్గర ఒక పాత మండువా ఇంట్లో ఆడిన ఆట గురించి చెప్తాను. 1921లో చీరాల, పేరాల జనం మునిసిపాలిటీ వద్దు, ఆ పన్నులు కట్టలేం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పిలుపు మీద ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. మేం తీసుకున్నది ఆ పోరాటం మొత్తం కాదు, ఒక నేతపనివాళ్ల ఇల్లు, ఒకే రాత్రి. తెల్లారితే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఏం తీసుకెళ్తారు, ఏం వదిలేస్తారు, ఎవరు రానంటారు. అంతే ఆట.

పూర్వకథ ఒక్కొక్కరికి అరపేజీ మించి ఇవ్వలేదు. నీకు ఎవరికి బాకీ, ఇంట్లో ఎవరితో మాటల్లేవు, ఇదిగో ఈ వస్తువు నీది. ఆ వస్తువు మాత్రం నిజంగా చేతిలో పెట్టాం. అవన్నీ మా అమ్మమ్మ వాళ్ల అటక మీద నుంచి దించినవే, ఇత్తడి చెంబు, చిల్లుపడిన కంచం, బియ్యం కొలిచే శేరు, మూడు లాంతర్లు. ఆ లాంతర్ల కిరోసిన్ వాసన ఒక్కటి చాలు, పేజీలకి పేజీలు వర్ణన రాసే పని తప్పింది. వార్త చెప్పాల్సివస్తే నేను మైకు పట్టుకోలేదు. వీధిలోంచి డప్పు కొట్టుకుంటూ "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని దండోరా వేశాను. లోపల మాట్లాడుకుంటున్నవాళ్లు గబుక్కున లాంతరు వత్తి తగ్గించారు. తగ్గించమని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఆ ఇంటికి దగ్గర్లోనే విజయవాడ, చెన్నై రైలు లైను. రైలు కూతలు వినిపిస్తాయని ముందు టెన్షన్ పడ్డాం. ఆటలో మొదటి కూత వినిపించగానే తాతగారి వేషంలో ఉన్న బావ తల కూడా ఎత్తకుండా, "మెయిలు వెళ్లిపోయింది, ఇంకెప్పుడు కడతారే మూటలు?" అన్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి రైలూ మాకు గడియారమే. అడ్డం అనుకున్న చప్పుడు ఆ ఒక్క మాటతో ఆటలో కలిసిపోయింది. వర్ణించడమంటే నా లెక్కలో అదీ.

ఇక తాళంచెవి. అత్తగారి వేషం వేసిన అక్క గుంటూరులో బ్యాంకు ఉద్యోగి, లార్ప్ ఆడటం అదే మొదలు. ఆవిడకి మేం ఇచ్చిన వస్తువు జానెడు పొడవున్న ఇనుప తాళంచెవి. రాత్రంతా బొడ్లో దోపుకుని తిరిగింది. ఆఖర్న అందరూ మూటలతో అరుగు దిగారు, ఆవిడ తాళం వేసి రావాలి. తలుపు దగ్గర నిలబడింది. చెవి దూర్చింది, తిప్పలేదు. బయటికి తీసి కొంగుతో తుడిచి మళ్లీ దూర్చింది. అరుగు కింద పదమూడు మందిమి ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చివరికి కోడలి వేషంలో ఉన్న అమ్మాయి పైకెళ్లి, ఆవిడ చేతి మీద చెయ్యేసి తిప్పింది. వాళ్లిద్దరూ ఆటలో ఆ రాత్రంతా మాట్లాడుకోలేదు. నేను రాద్దామన్నా ఆ సీన్ రాయలేను.

దీనికి డబ్బు కావాలి కదా, మండువా ఇల్లు అందరికీ ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. అవసరం లేదు. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లండ్ ఆటగాళ్లు 1997 నుంచి ఏటా కలిసి ఈ విషయాలే చర్చించుకుంటున్నారు. వాళ్లలోనే కొందరు కళ్లకి కనిపించేదంతా నిజంలా ఉండాలని పట్టుబడతారు, ఇంకొందరు నల్లటి ఖాళీ గదిలో నేల మీద టేపు అంటించి, రెండు కుర్చీలతో ఆడేస్తారు. రెండూ పనిచేస్తాయి. ఖాళీ గది ఎందుకు పనిచేస్తుందంటే అక్కడ అబద్ధం చెప్పే వస్తువు ఒక్కటీ ఉండదు. ఫంక్షన్ హాల్లో ప్రతి వస్తువూ "ఇది రిసెప్షన్" అని అరుస్తూనే ఉంటుంది.

ఇంకో మాట, కొంచెం కోపంగానే అంటున్నా. ఎందుకు ప్రతి ఆటలోనూ టావెర్న్‌లు అనే పాశ్చాత్య సారాయి సత్రాలు, ఎల్ఫ్‌లు అనే వాళ్ల కథల్లోని మాయమనుషులు? ఆడితే తప్పు లేదు, కానీ టావెర్న్ అనగానే మనవాళ్లకి ఎలా కూర్చోవాలో, ఎవరిని ఏమని పిలవాలో తెలియదు, అంతా చెప్పాలి. అదే పూటకూళ్లమ్మ ఇల్లు అనండి. చెప్పులు విప్పుతారు, కాళ్లు కడుగుతారు, విస్తరి ముందు కూర్చుంటారు, "కాస్త చారు పొయ్యి తల్లీ" అంటారు. ఒళ్లు ఎరిగిన లోకానికి వర్ణన అక్కర్లేదు.

అలాగే పెద్దరికాన్ని మోయాల్సింది ఎదుటివాళ్లు. మా ఆటలో పన్ను వసూలుకి బంట్రోతు వచ్చాడు, వేసింది బక్కపలచని ఇంజనీరింగ్ కుర్రాడు. కానీ అరుగు మీదున్నవాళ్లు చప్పున లేచి నిలబడ్డారు, ఒకడు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అంతే, ఆ కుర్రాడి గొంతు తనకే తెలియకుండా మారిపోయింది. వాళ్లు లేవకపోయి ఉంటే ఏ కాస్ట్యూమూ అతన్ని కాపాడేది కాదు.

ఇంత లోతుగా ఆడించేటప్పుడు బయటికొచ్చే దారి కూడా గట్టిగా ఉండాలి. "ఆపండి" అన్న మాట పనికిరాదు, ఆటలో పోట్లాడుకునేటప్పుడు అందరూ అనే మాటే అది. మేం "కట్" పెట్టుకున్నాం, ఎవరన్నా సరే ఆ క్షణం ఆట ఆగిపోవాలి, కారణం అడగకూడదు. ఆట ముందు గంటసేపు అదే అభ్యాసం చేశాం. అయిపోయాక వేషాలు తీసేసి, టీలు తాగుతూ తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. తాళంచెవి అక్క ఆ మాటల మధ్యలో ఏడ్చింది, తర్వాత నవ్వింది, అప్పుడే ఇంటికి పంపాం.

దసరా తర్వాత అదే ఇంట్లో మళ్లీ ఆడదామనుకుంటున్నాం, ఈసారి పూటకూళ్లమ్మ ఇల్లు. వచ్చేవాళ్లు బ్యాక్‌స్టోరీ రాసి పంపొద్దు. మీ ఇంట్లో అటక ఎక్కి, పెద్దవాళ్లు పారెయ్యకుండా దాచిన వస్తువు ఒక్కటి దించండి, అది ఎవరిదో ఇంట్లో అడిగి తెలుసుకుని రండి. ఆ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలు ఇరవై ఉన్నాయి. అవి ముందు రోజే వెనక గదిలో పెట్టి తాళం వేస్తాను.