‘ఒక సైజు పెద్దది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఒక సైజు పెద్దది’ గారి సముఖానికి,

చెన్నై, వేళచ్చేరి నుంచి ఇద్దరు పిల్లల తల్లి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. పెద్దాడి స్కూలు ప్యాంటు మాత్రం ఇంకా నడుము మీద నిలబడటం నేర్చుకోలేదు, పిన్నీసు సాయంతో బండి నడుస్తోంది. చిన్నదాని చొక్కా చేతులు దాని చేతుల కంటే ముందే క్లాసులోకి వెళ్తున్నాయి. మీరు కూడా అక్కడ క్షేమమని, ఎప్పటిలాగే వదులుగా ఉన్నారని తలుస్తాను.

మీరు మా ఇంటి మనిషే కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. అసలు నాకంటే ముందు నుంచే ఈ ఇంట్లో ఉన్నారు. మా ఆయన ఒకటో తరగతిలో నెల్లూరులో దిగిన గ్రూపు ఫొటో ఒకటి మా అత్తయ్య భద్రంగా దాచారు. అందులో ఆయన చొక్కా భుజాలు మోచేతుల దగ్గర ఉంటాయి, నిక్కరు మోకాళ్లు దాటి కిందికి వస్తుంది, దాన్ని పడిపోకుండా కాపాడుతున్నది మొలతాడేనని చూడగానే తెలిసిపోతుంది. ఆ ఫొటో చూపించినప్పుడల్లా అత్తయ్య ఆ చొక్కా మూడో తరగతి దాకా వచ్చిందని చెప్తారు. మూడో తరగతి ఫొటో అడిగితే, ఆ రోజు బడికి వెళ్లలేదంటారు.

మీ గొప్పతనం ఏమిటంటే, బజారుకి మీరెప్పుడూ సొంత గొంతుతో రారు. అత్తయ్య నోట వస్తారు, “పెరిగే పిల్లలమ్మా, ఒక సైజు పెద్దదే తీసుకో.” షాపు కుర్రాడి నోట అరవంలో వస్తారు, “వళర్ర పుళ్ళ మేడం, ఒరు సైజు పెరుసా ఎడుత్తుక్కోంగ.” మా ఆయన నోట లెక్కల మేష్టారిలా వస్తారు, “ఇంత డబ్బు పోసి ఏడాదికేనా?” ఇక పిల్లాడి నోట మాత్రం ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే వాణ్ణి ఎవరూ అడగలేదు.

మే నెలాఖరులో టీ నగర్‌లో మీ దర్బారు చూడాలి. మాంబళం స్టేషన్లో దిగితే చాలు, రంగనాథన్ వీధిలో మనం నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. ఏ షాపులో చూసినా ఒక స్టూలు మీద ఒక పిల్లాడు నిలబడి ఉంటాడు, చుట్టూ అమ్మ, నాన్న, నాయనమ్మ, షాపు కుర్రాడు. వాడికి చొక్కా తొడుగుతారు.

“వేళ్లు కనిపిస్తున్నాయా?”

“లేదు.”

“అయితే ప్యాక్ చెయ్యండి.”

(ఈ టీ నగర్‌లో ‘టీ’ పిట్టి త్యాగరాయ చెట్టి గారిది, పక్కనున్న పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రీమియర్‌గా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో, ఉన్న పానగల్లు రాజా గారిది. ఇద్దరు తెలుగు పెద్దమనుషుల పేర్ల మధ్య నిలబడి, ఏటా ఇన్ని తెలుగు కుటుంబాలు పిల్లల వేళ్లు కనిపించట్లేదని సంతోషపడుతూ ఇంటికి వెళ్తున్నాయి.)

మీ లెక్క ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. బారసాల దగ్గర. పుట్టిన మొదటి ఏడాదిలో పిల్లలు దాదాపు 25 సెంటీమీటర్లు పెరుగుతారు. అప్పుడు మీరేం చెప్పినా చెల్లుతుంది. నెల కిందట కొన్న జుబ్బా మెడలో దూరదు, అందరూ “చూశావా, నేను చెప్పలా” అంటారు, మీ పరపతి ఆ ఒక్క ఏడాదిలో ఆకాశానికి వెళ్లిపోతుంది. రెండో ఏడు అందులో సగమే పెరుగుతారు. ఆ తర్వాత యుక్తవయసు దగ్గర పడేదాకా ఏడాదికి ఏ అయిదో ఏడో సెంటీమీటర్లు, అంతే. మీరు మాత్రం ఆ మొదటి ఏడాది పేరు చెప్పుకునే పదేళ్లు బతికేస్తున్నారు. పైగా పిల్లల చొక్కా నంబర్లు 22, 24, 26 అని రెండేసి చొప్పున ఎగురుతాయి. అడిగేది ‘ఒక సైజే’ కదా అని వినడానికి ఎంత వినయంగా ఉంటుందో!

అసలు గొడవంతా బూట్ల దగ్గర. చొక్కా వదులైతే నవ్వుతారు, బూటు వదులైతే పడతారు.

జూన్‌లో స్కూళ్లు తెరిచేసరికి పెద్దాడి నల్ల బూట్ల ముందు భాగంలో దూది ఉంటుంది, వెనక భాగంలో వాడు ఉంటాడు. నడుస్తుంటే బూటు ఒక అడుగు వెనకాల వస్తుంది. జులై, ఆగస్టుల్లో ఈడ్చి ఈడ్చి మడమ దగ్గర సోలు అరుగుతుంది. దూది కొంచెం కొంచెంగా తీసేస్తూ వస్తాం. దీపావళి దగ్గరికొచ్చేసరికి ఒకరోజు బూటు సరిగ్గా సరిపోతుంది. ఎవరం గమనించం. అరుపులు, పడటాలు, పిన్నీసులు లేని రోజుని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అంతలో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి, వేళచ్చేరి వీధుల్లో నీళ్లు నిలుస్తాయి, ఆ సరిపోయిన బూట్లు రెండూ తడిసి ఫ్రిజ్ వెనకాల ఆరుతూ ఉంటాయి. కలెక్టరు గారు సెలవు ప్రకటిస్తారు. నీళ్లు తీసి, ఎండ వచ్చి, పొంగల్ సెలవులు అయ్యేసరికి వాడు “అమ్మా, వేలు నొప్పి” అంటాడు. అంటే వాడికీ బూటుకీ పొత్తు కుదిరింది దీపావళికీ పొంగల్‌కీ మధ్యన, అందులో సగం రోజులు బూటు ఫ్రిజ్ వెనకాల ఉంది. సరిపోయే నాటికి అరిగిపోయే వస్తువుని పొదుపు పేరు చెప్పి మాచేత కొనిపిస్తున్నారు చూడండి, అది మామూలు తెలివి కాదు.

మీ మీద ఒక పరిశోధన లాంటిది జరిగింది తెలుసా? అదీ మన ఊరివాళ్లే చేశారు. అడయారులో సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది కదా, 1948లో పెట్టింది. వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు కొలిపించారు. తేలింది ఏమిటంటే, మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పు. వాళ్ల కొలతలతో చేసిన బూటు మనకి పక్కల నొక్కుతుంది, నొక్కుతోందని పొడుగు ఎక్కువున్నది కొంటాం, అప్పుడు ముందు ఖాళీ మిగులుతుంది. అందుకని మన పాదాలకి మన కొలతలే ఉండాలని ‘భ’ అనే పేరుతో కొత్త సైజులు ప్రతిపాదించారు, భ అంటే భారత్. కాబట్టి తప్పంతా మీ ఒక్కరిదే అనను. మీకు బయట నుంచి సాయం అందుతోంది. అదే సర్వేలో ఆడపిల్లల పాదాలు దాదాపు పదకొండేళ్లకీ, మగపిల్లల పాదాలు పదిహేను పదహారేళ్లకీ పెరగడం ముగించుకుంటాయని కూడా తేలింది. మీ ఉద్యోగానికి రిటైర్మెంటు తేదీ ఉందన్నమాట. ఎవరైనా మా అత్తయ్యకి చెప్పండి, ఆవిడ నలభై దాటిన కొడుక్కి ఇప్పటికీ వదులు బనియన్లే కొంటున్నారు.

పాత ఇంగ్లీషు సైజుల కథ ఇంకా చిత్రం. ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు. అది ఎందుకంటే, పూర్వం ఇంగ్లండులో ఒక బార్లీ గింజ పొడుగుని కొలతగా పెట్టుకున్నారు. అంటే మా కుర్రాడు ఏడాదంతా దూది కుక్కుకుని ఎదురు చూసేది ఎప్పుడో ఎవరో కొలిచిన ఒక గింజ కోసం. ఇంకో విడ్డూరం, పిల్లల నంబర్లు 13 దాకా వెళ్లి మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి. మొన్న మావాడికి 13 బిగుతైంది, 1 తీసుకోమన్నారు. ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పుకున్నాడు, “నేను మళ్ళీ చిన్నవాణ్ణి అయిపోయాను” అని. వాడి ముఖంలో అంత ఆనందం ఏ పుట్టినరోజుకీ చూడలేదు నేను.

నాకు అసలు ఒళ్లు మండేది ఎక్కడో చెప్పనా? మీరు కొనిపించే బట్టలన్నీ మా ఇంట్లో లేని పిల్లాడికి. వాడు వచ్చే ఏడాది వస్తాడు. ఇప్పుడు ఇంట్లో తిరుగుతున్నవాడు వాడి చొక్కా తొడుక్కుని, వాడి బూట్లలో కాళ్లు పెట్టి, వాడి బెల్టుకి మేకు కాల్చి పెట్టిన అదనపు చిల్లులో బతుకుతున్నాడు. పోనీ ఆ వచ్చే ఏడాదివాడు వచ్చాక వాడికైనా సుఖమా అంటే, మీరు అప్పటికి ఆ పై ఏడాదివాడి కోసం టీ నగర్ బయల్దేరి ఉంటారు. మొన్న చిన్నది కొత్త యూనిఫాం తొడుక్కుని అద్దం ముందు నిలబడి, “అమ్మా, ఇది ఎవరిది?” అని అడిగింది. నీదే అన్నాను. నమ్మలేదు. నేనూ పెద్దగా నొక్కి చెప్పలేదు.

పైగా మీకు ఒక మాట మీద నిలకడ లేదు. టీ నగర్‌లో అయిదేళ్ల పిల్లని ఏడేళ్ల పిల్లగా లెక్కగట్టిన మీరే, సెంట్రల్లో పినాకిని ఎక్కగానే మాయమైపోతారు. అయిదేళ్ల లోపు పిల్లలకి రైల్లో టికెట్టు అక్కర్లేదు కదా, అక్కడ మా బంధువులందరి పిల్లలూ నెల్లూరు వచ్చేదాకా నాలుగేళ్ల దగ్గరే ఆగిపోతారు. టీసీ గారు “ఏ క్లాసు బంగారం?” అని అడిగితే, పిల్ల నోరు తెరిచేలోపు బిస్కెట్టు దూరుతుంది. పిల్ల ఒకటే, వారం తేడాలో బజారులో పెద్దది, రైల్లో చిన్నది. ఎక్కడ ఎంత ఉండాలో దానికి ఎలా తెలియాలి?

ఇక అటక మీద మీ ఖజానా. “పెద్దాడికి చిన్నవైతే చిన్నదానికి వస్తాయి” అన్నది మీ రెండో శాసనం. గళ్ల చొక్కాలు, తెల్ల బూట్లు, ఒకసారి కూడా పూర్తిగా ఊదని వాటర్ ట్యూబ్, అన్నీ సూట్‌కేసులో కలరా ఉండల మధ్య మూడేళ్లు తపస్సు చేశాయి. చిన్నదాని ఒంటికి అవి సరిపోయిన ఏడాదే స్కూలువాళ్లు యూనిఫాం గళ్ల నుంచి గీతలకి మార్చారు. బూట్లు మారలేదు గానీ, దాని పాదం అన్న పాదం కంటే వెడల్పు. ఇప్పుడా సూట్‌కేసు గూడూరులో ఆడపడుచు ఇంటికి వెళ్లింది. అక్కడి పిల్లాడికి ఇంకా నడకే రాలేదు, కానీ “పనికొస్తాయిలే” అన్నారు. మీరు నాకంటే ముందే వెళ్లి అక్కడ కూర్చున్నారని అప్పుడే అర్థమైంది.

ఈ మధ్య మీరు బట్టల కొట్టు దాటి చదువుల్లోకి కూడా వస్తున్నారు. యూకేజీ పిల్లకి కలిపిరాత. ఆరో తరగతివాడికి ఫౌండేషన్ కోర్సు, ఎందుకు నాన్నా అంటే పన్నెండో తరగతి తర్వాత రాసే పరీక్ష కోసం. సైకిలు కొంటే కాళ్లు అందవు, బ్యాగు తగిలిస్తే వెనక నుంచి పిల్ల కనపడదు. నోట్లో ఇరవై పాలపళ్లలో ఒక్కటి కూడా కదలని పిల్లని పట్టుకుని “పెద్దదానివి అయ్యావు, ఇంకా ఏడుపేమిటి” అంటాం. ఆ మాట కూడా ఒక సైజు పెద్దదే. కానీ దాని గురించి రాస్తే లేఖ పొడుగైపోతుంది, అపార్ట్‌మెంటు గ్రూపులో కొందరు నొచ్చుకుంటారు కూడా. వదిలేద్దాం.

రాజీకి రండి. బూట్ల దగ్గర మీరు పూర్తిగా తప్పుకోవాలి, బొటనవేలి ముందు అర అంగుళం జాగా చాలు, సాయంత్రం పూట పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి కొనుక్కుంటాం, పిల్లల్ని షాపులో నాలుగడుగులు నడిపించి చూస్తాం, ఏడాదికి రెండు జతలైతే అయ్యాయి. ప్యాంటు, చొక్కాల దగ్గర సగం సగం. పట్టుపరికిణీ మాత్రం పూర్తిగా మీకే రాసిస్తాను, ఎందుకంటే అక్కడ మీ పని మీకంటే మా పాత టైలరుకి బాగా తెలుసు. నడుముకి బొందు, కింద వరసగా టక్కులు. ఈ ఏడాది పిల్లకి ఈ ఏడాది పొడుగు, పై ఏడాది ఒక టక్కు విప్పితే పై ఏడాది పొడుగు. ఒకే గుడ్డలో ఇద్దరు పిల్లలూ ఉంటారు, ఒకరి బట్టలు ఇంకొకరు తొడుక్కోరు. ఇంత చక్కటి పద్ధతి మన దగ్గరే పెట్టుకుని, రంగనాథన్ వీధిలో పిల్లాడి వేళ్లు కనపడుతున్నాయా లేదా అని వెతుక్కోవడం ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

అత్తయ్యకి ఈ షరతులు ఇంకా చెప్పలేదు. ముందు మీరు ఒప్పుకుంటే, ఆవిడకి మీ నోటే చెప్పిద్దామని.

ఇట్లు,
13 దాటి మళ్ళీ 1కి వచ్చినవాడి తల్లి

తా.క.: రెయిన్‌కోటు సంగతి మర్చిపోయాను. వీపు మీద బ్యాగుతో సహా పిల్ల లోపల పట్టాలంటే అది మాత్రం ఒక సైజు పెద్దదే కావాలి, అక్కడ మీ మాటే నెగ్గింది. అక్టోబరు రాకముందు ఒకసారి వచ్చి ఆ ఒక్కటీ కొనిపెట్టి వెళ్లండి. దారిలో బూట్ల షాపు ఉంటుంది, తల తిప్పకుండా నడవండి.