కుండలో నీళ్లు పోయకండి!

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఈమధ్య కళాభిమానం బాగా పెరిగింది. ఏ హాల్లో చూసినా చేత్తో చేసిన మట్టి కుండ, దాని మీద పడేలా ఒక చిన్న లైటు. వంటింట్లో మాత్రం కనిపించదు. ఎంతో మంచి పరిణామం. ఇన్నేళ్లకు కుండకు గౌరవం దక్కింది, పని తప్పింది.

పనిలో పెడితే అది ఎంత రచ్చ చేస్తుందో మా వీధి పిన్నిగారిని అడగండి. వేసవి కదా అని కుండ కొని, టేకు స్టూలు మీద పెట్టి నీళ్లు పోశారు. తెల్లారేసరికి స్టూలంతా తడి. వెళ్లి కుమ్మరిని నిలదీశారు. "చెమర్చకపోతే చల్లబడదమ్మా" అన్నాడతను. మట్టికి కంటికి కనబడని సన్నటి రంధ్రాలుంటాయట. వాటిలోంచి నీరు బయటికి ఊరి, ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుందట. కారేదాన్ని అమ్మి పైగా సైన్సు చెబుతాడా! పిన్నిగారు కుండ బయటంతా పెయింటు రెండు కోట్లు కొట్టించారు. ఇప్పుడు చుక్క కారదు. నీళ్లూ చల్లబడవు. అందుకని నీళ్ల సీసా ఫ్రిజ్‌లోకి, ప్లాస్టిక్ పూలు కుండలోకి చేరాయి. సమస్య ఎంత శాస్త్రీయంగా తీరిందో చూశారా?

వంకర సంగతి మరీ సున్నితం. వెనకటికి మూతి కాస్త వంకరపోతే మా నాయనమ్మ ఆ కుండ ముట్టుకునేది కాదు. వేలితో కొట్టి, కంగుమని మోగినదాన్నే ఏరుకునేది. మోగలేదంటే ఎక్కడో పగులున్నట్టే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వంకరకే రేటు. కుమ్మరి సారె ముందు కూర్చుని ఇన్నేళ్లూ గుండ్రంగా తీయడం నేర్చుకున్నవాడు, చేయి వణికే వయసు వచ్చేదాకా ఆగితే మంచి గిరాకీ ఉంటుంది.

మార్చి 20న ఒడిశా అంతటా పఖాళ దినం, అంటే చద్దన్నం రోజు. చద్దన్నం మట్టి చట్టిలో ఫొటో దిగుతుంది, స్టీలు గిన్నెలో కడుపులోకి వెళుతుంది.

పూరీ జగన్నాథుడితోనే పేచీ. అంతటి దేవుడు రోజూ మట్టి కుండల్లోనే వండించుకుంటాడు. పొయ్యి మీద ఒకదానిపై ఒకటి ఏడేసి కుండలు పేరుస్తారు. అవీ ఎప్పటికప్పుడు కొత్తవి! వాడడం, పారేయడం. ఒక్కటీ షోకేసులో పెట్టిన పాపాన పోలేదు. మనవాళ్లు ఆ మహాప్రసాదం కళ్లకద్దుకుని తిని, ఇంటికొచ్చి పప్పు కుక్కర్లో పెడతారు. ఆయన పద్ధతి ఆయనది, మన గ్యాసు మనది.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఈ ఊళ్లో ఉండే. రేపు వాడుక కుండ కోసం కూడా ఎవరైనా బయల్దేరే ప్రమాదముంది. కాబట్టి ప్రతి కుండ మీదా ఒడియాలో, తెలుగులో "నీళ్లు పోయరాదు, పొయ్యి మీద పెట్టరాదు" అని రాయించాలని నా విన్నపం. పెళ్లిలో అరివేణి కుండలకు, శ్మశానంలో పగలగొట్టే కుండకు మినహాయింపు ఇవ్వొచ్చు. ఆ రెండు చోట్లా ఫ్రిజ్ ఇంకా పనికిరావడం లేదు.