అగ్రిమెంటుకు ముందు పాయింట్ల లెక్క

నెదర్లాండ్స్‌లో ఇంటి అద్దెను ఓనరు నోటిమాటే తేల్చేసే రోజులు 2024 జులై 1తో చాలావరకు పోయాయి. ఆ రోజు అమల్లోకి వచ్చిన అందుబాటు అద్దె చట్టం ప్రకారం వంటగది, మరుగుదొడ్డి, తలుపు వేసుకునే వీలు సొంతంగా ఉన్న ప్రతి ఫ్లాటుకూ పాయింట్లు కడతారు. 143 పాయింట్ల దాకా వస్తే తక్కువ అద్దె వర్గం, 144 నుంచి 186 వరకు మధ్యస్థ వర్గం. 2025లో మొదటి వర్గానికి నెలకు గరిష్ఠం 900.07 యూరోలు, రెండో వర్గానికి 1,184.82 యూరోలు. 187 చేరితేనే ఓనరు తనకు తోచినంత అడగగలడు. వెల్డ్‌హోవెన్‌లోని చిప్ యంత్రాల కంపెనీ ఏఎస్‌ఎంఎల్‌లో ఉద్యోగానికో, డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయాల్లో చదువుకో వెళ్తున్న మన పిల్లలు ఆఫర్ లెటర్‌ను పదిసార్లు చదువుతారు. ఫ్లాటు దగ్గరికి వచ్చేసరికి ప్రకటనలో రాసిన అంకెనే ఖరారు చేసుకుని డబ్బు పంపేస్తారు. ఆ అలవాటు మానాలని మేము గట్టిగా చెబుతున్నాం.

పాయింట్ల లెక్క బ్రహ్మవిద్యేమీ కాదు. గదులు, వంటిల్లు, స్నానాల గది వైశాల్యానికి చదరపు మీటరుకు 1 పాయింటు. సామాన్ల గది వంటి వాటికి 0.75. పైకప్పు వాలుగా ఉన్న ఇళ్లలో 1.5 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న చోటు కొలతలోకి రాదు కనుక అటక గదుల విషయంలో టేపు పట్టుకునే కొలవాలి. వేడి సదుపాయానికి, వంటగది గట్టు పొడవుకు, స్నానాల గది అమరికలకు వేర్వేరు పాయింట్లున్నాయి. 2025 లెక్కలో బాల్కనీగానీ తోటగానీ ఏదీ లేకపోతే 5 తగ్గుతాయి. పన్ను కోసం ప్రభుత్వం కట్టిన ఇంటి విలువకు, అంటే వోజ్ విలువకు, మరికొన్ని. ఆ విలువను ఎవరైనా ఉచితంగా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి కొత్త కాంట్రాక్టుతో పాటు పాయింట్ల పట్టికను కూడా జతచేయడం ఓనరు బాధ్యత. అడిగితే నసుగుతున్నాడంటే ఆ ఇంటి లెక్కను మీరే కట్టి చూడాల్సిన అవసరం ఉందన్నమాట.

అసలు తిరకాసంతా ఎనర్జీ లేబుల్ దగ్గరుంది. ఎ++++ నుంచి జి వరకు ఉండే ఈ లేబుల్ ఫ్లాటు ఎంత వేడిని వృథా చేస్తుందో చెబుతుంది. అపార్ట్‌మెంటుకు ఎ లేబుల్ ఉంటే 37 పాయింట్లు కలుస్తాయి. జి లేబుల్ ఉంటే 15 తీసేస్తారు. రెంటికీ మధ్య 52 పాయింట్లు. మిగతా అన్ని లెక్కలూ కలిపి 130 పాయింట్లు వచ్చిన ఫ్లాటును తీసుకుందాం. ఎ లేబుల్‌తో అది 167కు చేరి మధ్యస్థ వర్గంలో కూర్చుంటుంది, జి లేబుల్‌తో 115కు పడి తక్కువ అద్దె వర్గంలోకి దిగుతుంది. ఈ స్థాయిలో ఒక్కో పాయింటు సుమారు 6 యూరోలకు పైనే కనుక, అదే వీధిలో అదే సైజు ఫ్లాటుకు చట్టం ఒప్పుకునే అద్దెలో తేడా నెలకు 300 యూరోలు దాటుతుంది.

ఇక్కడే మనవాళ్లు లెక్క తప్పుతారు. ‘మంచి లేబుల్ అంటే గ్యాసు బిల్లు తక్కువ, కాబట్టి అద్దె ఎక్కువైనా ఫర్వాలేదు’ అన్న వాదన వినడానికి బాగుంటుంది. మంచి ఇంటికీ చెడ్డ ఇంటికీ ఏడాదికి 600 ఘనమీటర్ల గ్యాసు తేడా ఉందనుకున్నా, ఘనమీటరు 1.40 యూరోల చొప్పున 840 యూరోలు, అంటే నెలకు 70. అద్దెలో 300 ఎక్కువ కట్టి, బిల్లులో 70 మిగుల్చుకోవడం పొదుపు కాదు. మంచి లేబుల్ ఇల్లు వెచ్చగా ఉంటుంది, గోడలకు నెమ్ము పట్టదు, పసిపిల్లలున్న ఇంట్లో ఆ సుఖానికి విలువ కట్టలేం. కానీ దాన్ని సుఖానికి ఇచ్చే ధరగా చూడాలి, పొదుపుగా కాదు. ఇంతకంటే ఘోరం, జి లేబుల్ ఫ్లాటుకు ఎ లేబుల్ అద్దె కట్టడం. అప్పుడు అద్దే కాదు, బిల్లు కూడా మోపెడవుతుంది. చట్టం దృష్టిలో ఆ అదనపు అద్దె ఓనరుకు రావలసిన సొమ్మే కాదు.

లేబుల్‌ను ఓనరు మాట మీద నమ్మవద్దు. పోస్ట్‌కోడు, ఇంటి నంబరు కొడితే ఈపీ-ఆన్‌లైన్ అనే ప్రభుత్వ రిజిస్టరులో లేబుల్, నమోదు తేదీ కనిపిస్తాయి. లేబుల్ 10 ఏళ్లు చెల్లుతుంది. 2021 జనవరి 1 నుంచి అర్హత ఉన్న నిపుణుడు ఇంటికి వచ్చి కొలిచాకే లేబుల్ ఇస్తున్నారు. అంతకు ముందరి వాటిలో కట్టడం సంవత్సరం, యజమాని ఇచ్చిన వివరాల ఆధారంగా తేలిగ్గా తేల్చినవీ ఉన్నాయి. పాత తేదీ కనిపిస్తే కాగితాన్ని వదిలి గోడలనూ కిటికీలనూ చూడాలి. చెల్లే లేబుల్ లేకపోతే కట్టిన సంవత్సరాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు, పాత కట్టడాల ఓనర్లకు అది నష్టమే.

ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మొదట కిటికీ గాజు పలకల మధ్య అంచున ఉండే సన్నటి లోహపు పట్టీని చూడండి. హెచ్‌ఆర్++ (వేడిని బాగా ఆపే డబుల్ గ్లాసు) అనీ, తయారైన సంవత్సరమనీ చాలాసార్లు అక్కడే అచ్చుగుద్ది ఉంటుంది. ఏమీ లేకపోతే లైటరు వెలిగించి గాజు దగ్గర పెట్టండి. పలకల్లో కనిపించే మంట ప్రతిబింబాల్లో ఒకటి రంగు తేడాగా ఉంటే వేడిని ఆపే పూత ఉందని అర్థం. అన్నీ ఒకే రంగైతే పాతకాలపు మామూలు డబుల్ గ్లాసు. తర్వాత పడకగదిలో బయటి గోడ మూలలు, బీరువా వెనక, కిటికీ కింద చెయ్యి పెట్టి చూడండి. ఐండ్‌హోవెన్‌లోని వూన్సెల్, డెల్ఫ్ట్‌లోని వోర్‌హోఫ్ వంటి పేటల్లో 1960ల నాటి పొడుగాటి వరండాల ఫ్లాట్లు చాలా ఉన్నాయి. వాటిలో లోపలి స్లాబే బయటికి బాల్కనీగా సాగిన చోట చలి కాంక్రీటు గుండా లోపలికి నడిచొస్తుంది, సరిగ్గా అక్కడే నల్లటి బూజు మొదలవుతుంది. ఈ మధ్యే పెయింటు వేసిన ఒకే ఒక్క మూల కనిపిస్తే అనుమానించాలి. బ్లాకు చివరి ఫ్లాటు, పై అంతస్తు ఫ్లాటు మధ్యలో ఉన్నవాటి కంటే ఎక్కువ వేడి అడుగుతాయి. అద్దె ఒకటే అయితే మధ్య ఫ్లాటే మేలు.

వేడి ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా సంతకం చేయకూడదు. సొంత గ్యాసు బాయిలరైతే దాని మీది స్టిక్కరులో చివరి సర్వీసు తేదీ ఉంటుంది, సరఫరా కంపెనీని మీరే ఎంచుకోవచ్చు. బ్లాకు మొత్తానికి ఒకే బాయిలరైతే మీకు గ్యాసు కాంట్రాక్టు ఉండదు. రేడియేటర్ల మీది చిన్న మీటర్లు చూసి ఖర్చు పంచుతారు, ఆ లెక్క ఏడాదికోసారి సర్వీసు ఖర్చుల్లో వస్తుంది. గడిచిన ఏడాది లెక్కను ఓనరు జులై 1లోగా ఇవ్వాలి. మూడోది నగరమంతా గొట్టాల్లో వచ్చే వేడి నీరు. ఇందులో సరఫరాదారును మార్చే వీల్లేదు, వాడకపోయినా స్థిర రుసుము తప్పదు. చిన్న ఫ్లాటులో ఒంటరిగా ఉండేవారికి ఈ స్థిర రుసుమే వాడకాన్ని మించి బరువనిపిస్తుంది. ఎ లేబుల్ చూసి మురిసిపోయేవారు ఈ అంకెను ముందు అడగాలి.

2018 జులై 1 తర్వాత అనుమతి కోరిన కొత్త కట్టడాలకు గ్యాసు కనెక్షనే ఇవ్వడం లేదు కనుక వంట ఇండక్షన్ మీదే. ఇంటి నుంచి మోసుకెళ్లే గిన్నెల అడుగున అయస్కాంతం అంటుకోకపోతే ఆ బరువు దండగ. గాలి చొరబడని కొత్త ఫ్లాట్లలో మన తాలింపు ఇంకో సమస్య. పొయ్యి మీది హుడ్ చాలాచోట్ల గాలిని బయటికి పంపదు, కార్బన్ ఫిల్టరు గుండా తిప్పి గదిలోకే వదులుతుంది. అది మిరప ఘాటును కొంత తగ్గిస్తుందేగానీ, పప్పు ఉడికిన ఆవిరిని ఆపదు. ఆవిరి బయటికి పోవాల్సింది పైకప్పులోని వెంటిలేషన్ ద్వారాల నుంచి. చలి వేస్తోందని వాటిని టేపుతో మూసినా, కిటికీ పైనున్న గాలి పట్టీలు దించేసినా నెల తిరక్కుండా మూలలు చెమ్మగిల్లుతాయి. అప్పుడు ఓనరు ‘మీ వాడకం వల్లే’ అంటే జవాబు చెప్పడం కష్టం. మోటారున్న హుడ్‌ను ఆ వెంటిలేషన్ గొట్టానికి తగిలిస్తే మీ పోపు వాసన పక్కింటి స్నానాల గదిలో తేలుతుంది.

కాంట్రాక్టు విషయానికి వస్తే, 2023 జులై 1 నుంచి అడ్వాన్సు రెండు నెలల మూల అద్దెను (సర్వీసు ఖర్చులు కలపని అద్దెను) మించకూడదు. ఇల్లు ఖాళీ చేశాక మినహాయింపులేమీ లేకుంటే 14 రోజుల్లో, ఉంటే లెక్క చూపించి 30 రోజుల్లో తిరిగివ్వాలి. ఓనరు తరఫున ఇల్లు చూపించిన బ్రోకరు అద్దెకు దిగేవారి నుంచి కమీషన్ తీసుకోవడం చట్టవిరుద్ధం. 2024 జులై నుంచి నిరవధిక కాంట్రాక్టే నియమం, గడువు కాంట్రాక్టు విదేశాల నుంచి వచ్చిన విద్యార్థుల వంటి కొన్ని వర్గాలకే. కరెంటు, నెట్, ఫర్నిచర్ అన్నీ కలిపి ఒకే అంకె చెప్పే ‘ఆల్-ఇన్’ అద్దె సౌకర్యంగా కనిపిస్తుంది. అద్దెదారు అభ్యంతరపెడితే దాన్ని విడగొట్టి, మొత్తంలో 55 శాతాన్ని మూల అద్దెగా, 25 శాతాన్ని సర్వీసు అడ్వాన్సుగా నిర్ణయించే నిబంధన ఉంది. ఇది తెలిసిన ఓనరు ఆల్-ఇన్ జోలికి పోడు. అద్దె కాక చెత్త పన్ను, నీటి బోర్డు పన్ను కూడా అద్దెదారుకే వస్తాయని బడ్జెట్‌లో రాసుకోవాలి.

చిరునామా నమోదుకు ఒప్పుకోని ఇంటిని చవకైనా వదిలేయాల్సిందే. నాలుగు నెలలకు మించి ఉండేవారు వచ్చిన 5 రోజుల్లోగా నగరపాలికలో నమోదు చేసుకోవాలి, ఆ నమోదుతోనే బీఎస్‌ఎన్ అనే పౌర గుర్తింపు నంబరు వస్తుంది. నమోదు వద్దంటున్నవాడు ఏదో దాస్తున్నాడు. చాలాసార్లు దాచేది తాను కూడా అద్దెదారేనన్న సంగతి. ఇల్లు ఎవరి పేరున ఉందో కొద్దిపాటి రుసుముతో కడాస్టర్ భూ రిజిస్టరులో చూసుకోవచ్చు. ‘మనవాడే, నమ్మకస్తుడు’ అని వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారే సబ్‌లెట్ గదులకు ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. బంధుత్వం లేని ముగ్గురు నలుగురు ఒకే ఫ్లాటు పంచుకోవడానికి చాలా నగరాల్లో అనుమతి కావాలి. కొత్తగా వచ్చినవారికి పండుగలప్పుడు భోజనాలు పెట్టే అక్కడి తెలుగు సంఘాలు పాయింట్ల లెక్క మీద ఒక సాయంత్రం కూర్చోబెడితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఈ చట్టానికి రెండో వైపూ ఉంది. అద్దె తగ్గడంతో చాలామంది ప్రైవేటు యజమానులు ఖాళీ అయిన ఫ్లాట్లను అద్దెకివ్వకుండా అమ్మేస్తున్నారు. చేతికందే ఇళ్లే తగ్గాక ధర న్యాయంగా ఉండి ఏం లాభమన్న వాదనను కొట్టిపారేయలేం. గృహ సంస్థలు తక్కువ అద్దెకిచ్చే సామాజిక ఇళ్లకు ఆదాయ పరిమితి ఉంది, 2025లో ఒంటరివారికి 49,669 యూరోలు, కుటుంబానికి 54,847. పైగా ఎంత కాలం ముందు పేరు రాయించుకుంటే అంత ముందు వరుస, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ వరుస పదేళ్లు దాటుతుంది. దిగిన వారంలోనే ఐండ్‌హోవెన్‌లో వూనీజీ, రోటర్‌డామ్‌లో వూన్‌నెట్ రైన్‌మాండ్ వంటి ప్రాంతీయ జాబితాలో పేరు రాయించుకుంటే పోయేదేమీ లేదు. ఇళ్లు కట్టకుండా అద్దెకు పరిమితి పెడితే సరిపోదని హేగ్‌లోని ప్రభుత్వం కూడా గ్రహించాలి. అయినా చట్టం అమల్లో ఉన్నంతకాలం, ఎక్కువ అద్దె కట్టి ఊరుకోవడానికి కొరత సాకు కాదు.

సంతకానికి ముందే బేరం కుదరకపోతే సంతకం చేసి, ఇంట్లో దిగి, ఆ తర్వాత అడగవచ్చు. ముందుగా హ్యూర్‌కొమిస్సీ అనే అద్దె కమిషన్ వెబ్‌సైటులోని ఉచిత అద్దె లెక్కలో మీ కొలతలు నింపండి. వచ్చిన పట్టిక జతచేసి ఓనరుకు మర్యాదగా ఒక ఈమెయిలు రాయండి. ఒప్పుకోకపోతే కమిషన్‌కు దరఖాస్తు పెట్టండి. అద్దెదారు కట్టాల్సిన రుసుము 25 యూరోలు, గెలిస్తే అదీ వెనక్కి వస్తుంది. పరిశీలకుడు ఇంటికొచ్చి కొలుస్తాడు. దిగిన మొదటి 6 నెలల్లో అడిగితే తగ్గింపు కాంట్రాక్టు మొదలైన రోజు నుంచే వర్తిస్తుంది. దరఖాస్తు పెట్టారన్న కారణంతో ఖాళీ చేయించే హక్కు ఓనరుకు లేదు. దిగిన రోజే మీటర్ల రీడింగు, ప్రతి గది నాలుగు మూలల ఫొటోలు తీసి ఓనరుకు మెయిలు చేసి పెట్టుకోండి, కమిషన్ ముందైనా అడ్వాన్సు వెనక్కి అడిగేటప్పుడైనా పనికొచ్చేవి అవే.