అది చాడీ కాదు

ఏదైనా హైస్కూల్‌కి మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టే టైంకి వెళ్ళి ఒక అరగంట ఊరికే నిలబడి చూడండి. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వేపచెట్టు కింద ప్లేటు పెట్టుకుని కూర్చుంటాడు, ఆ రోజు గుడ్డు ఇచ్చే రోజు, చివర్లో తిందామని గుడ్డు పక్కకి జరిపి పెట్టుకుంటాడు, ఇంతలో పదో తరగతోళ్ళు ఇద్దరొచ్చి మాటా పలుకూ లేకుండా ఆ గుడ్డు తీసేసుకుంటారు, వాడు తలెత్తి చూస్తే నెత్తి మీద ఒకటిచ్చి పోతారు. అంతా కలిపి పది సెకన్లు కూడా పట్టదు. చుట్టూ పాతికమంది పిల్లలుంటారు. కొందరు నవ్వుతారు, ఎక్కువమంది ప్లేట్లోకి చూస్తా అన్నం కలుపుకుంటారు, ఒక అమ్మాయి మాత్రం స్టాఫ్‌రూం వైపు ఒకసారి చూసి మళ్ళీ తల దించేసుకుంటుంది. లోపల సారు ఆ రోజు భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కిస్తా ఉంటారు, ఆయనకి ఈ సంగతి ఈ రోజూ తెలియదు, రేపూ తెలియదు.

ఇదే రోజూ జరిగితే ఆ పిల్లాడు బడి మానేస్తాడు, లేదా తనకన్నా చిన్నోడిని వెతుక్కుని వాడి మీద చూపిస్తాడు, లేదా ఏదో ఒక రోజు బ్యాగులో ఏదో పెట్టుకుని వస్తాడు. అప్పుడు టీవీలు వస్తాయి, మేమూ వస్తాం, ఎలా జరిగిందని స్కూల్ మొత్తాన్నీ అడుగుతాం, ఎవరూ ఊహించలేదని పెద్దవాళ్ళు చెప్తారు. పెద్దవాళ్ళు ఊహించలేదన్నది నిజమే కావచ్చు కానీ ఆ పాతికమందికి మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. మేము ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నది ఆ పాతికమంది గురించే.

కెనడాలో టొరంటో స్కూళ్ళ ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి పరిశోధకులు 2001లో ఒక స్టడీ వేశారు. ఒకరిని ఒకరు ఏడిపించే సంఘటనల్లో 88 శాతం వాటిల్లో పక్కన తోటి పిల్లలు ఉన్నారు. వాళ్ళు కల్పించుకున్నది మాత్రం 19 శాతం సార్లే. అయితే ఎవరో ఒకరు కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సార్లు, అంటే 57 శాతం, పది సెకన్ల లోపే గొడవ ఆగిపోయింది. ఈ లెక్క ఒకటికి రెండుసార్లు చదవమని మా మనవి. హెడ్‌మాస్టర్ బెత్తం, సీసీ కెమెరా, పోలీసు జీపు ఇవేవీ పది సెకన్లలో రాలేవు, పక్కనున్న పిల్లాడు "రేయ్ వదిలేయ్ వాణ్ణి" అనగలడు.

మరి ఎందుకు అనడు? భయం ఒకటి, రేపు ఆ దెబ్బ తనకే పడుతుందని. దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది, అది మనం నేర్పించిందే. పిల్లాడు వచ్చి "టీచర్, వాడు వీణ్ణి కొట్టాడు" అంటే మనం మొదట అనే మాట "చాడీలు చెప్పకు, వెళ్ళి కూర్చో". ఇంట్లో చెప్తే "పక్కోడి గొడవ నీకెందుకురా, నీ చదువు నువ్వు చూసుకో" అంటాం. పదేళ్ళ పాటు ఈ రెండు మాటలు విన్నాక పిల్లలకి ఒకటే అర్థమవుతుంది, చూసింది మింగెయ్యడమే మంచి బుద్ధి అని. చాడీ అంటే ఒకణ్ణి ఇరికించడానికి చెప్పేది. ఒకణ్ణి కాపాడటానికి చెప్పేది చాడీ ఎలా అవుతుంది? ఈ తేడా మూడో తరగతి పిల్లకి చెప్పినా అర్థమవుతుంది, చెప్పాల్సిన మనమే చెప్పట్లేదు.

చెప్పకపోతే ఎంత దూరం పోతుందో అమెరికా చూసింది. అక్కడ 1974 నుంచి 2000 దాకా స్కూళ్ళలో జరిగిన 37 దాడుల్ని సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి తవ్వి 2002లో రిపోర్ట్ ఇచ్చాయి. 81 శాతం సంఘటనల్లో దాడి చేసినవాడు ఏదో చెయ్యబోతున్నాడని ముందే కనీసం ఒక్కరికి తెలుసు. అలా తెలిసినవాళ్ళు 93 శాతం కేసుల్లో ఎవరనుకున్నారు, ఫ్రెండో క్లాస్‌మేటో తోబుట్టువో, అంటే తోటి పిల్లలే. మన దగ్గర తుపాకులు లేవు, దేవుడి దయ, కానీ తెలిసినవాళ్ళు తెలిసినట్టే ఊరుకోవడం మాత్రం అచ్చం అలాగే ఉంది.

అదే అమెరికాలో పిల్లలే ముందుకొచ్చిన కథ కూడా ఉంది. నార్త్ కరోలినాలో షార్లెట్ అనే ఊరు, ఇప్పుడు మనవాళ్ళు కూడా చాలామందే అక్కడ సెటిల్ అయ్యారు, 1989లో అక్కడి వెస్ట్ షార్లెట్ హైస్కూల్లో చదివే అలెక్స్ ఆరెంజ్ అనే కుర్రాడు ఒక పార్టీలో ఎవరో కొట్టుకుంటుంటే ఆపడానికి మధ్యలోకి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని క్లాస్‌మేట్స్ ఏడ్చి ఊరుకోలేదు, పగ తీర్చుకుందామనీ అనుకోలేదు, ఇంకొకడికి ఇలా జరగకూడదని స్కూల్లోనే ఒక క్లబ్ పెట్టుకున్నారు. దాని పేరు పొట్టిగా సేవ్, హింస ఎక్కడున్నా దానికి ఎదురు నిలబడే విద్యార్థులు అని అర్థం. ఆరెంజ్ రంగు అతని పేరు కోసం, ఊదా రంగు శాంతి కోసం పెట్టుకున్నారు. ఒక్క స్కూల్లో మొదలైంది రాష్ట్రాలు దాటి పాకింది, 2017లో శాండీ హుక్ ప్రామిస్ అనే సంస్థతో కలిసింది, 2012లో శాండీ హుక్ అనే ఎలిమెంటరీ స్కూల్లో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు కాల్పుల్లో చనిపోయాక ఆ తల్లిదండ్రులు కొందరు కట్టుకున్న సంస్థ అది. ఈ క్లబ్బుల్లో పిల్లలు చేసేవి వింటే చాలా చిన్నవిగా అనిపిస్తాయి. ఒంటరిగా కూర్చుని తినేవాడి పక్కకెళ్ళి కూర్చుని పలకరించడం, ఎవరైనా తనకో ఇంకొకరికో హాని చేసేలా మాట్లాడితే నమ్మకమైన పెద్దవాళ్ళకి చెప్పడం, చెప్పినవాడి పేరు బయటకి రాకుండా చూడటం, అంతే. వేపచెట్టు కింద మనం చూసిన పిల్లాడికి కావలసింది కూడా ఇంతే కదా.

ఇంకోటి, కెనడాలోనే నోవా స్కోషియాలో 2007లో తొమ్మిదో తరగతిలోకి కొత్తగా వచ్చిన అబ్బాయి పింక్ చొక్కా వేసుకొచ్చాడని కొందరు ఏడిపించి బెదిరించారు, అది విన్న పన్నెండో తరగతి కుర్రాళ్ళు ఇద్దరు ఆ సాయంత్రమే షాపుకెళ్ళి ఒక 50 పింక్ చొక్కాలు కొనుక్కొచ్చి పొద్దున్నే గేటు దగ్గర పంచారు. ఇంకా చాలామంది ఇంటి నుంచే పింక్ వేసుకొచ్చారు. ఏడిపించినవాళ్ళని ఎవరూ కొట్టలేదు, కానీ ఆ స్కూల్లో ఎవరు ఎక్కువమందో ఒక్క పొద్దున తేలిపోయింది. అక్కడ సీనియర్లు నిలబడ్డారన్నది గమనించండి, మన దగ్గర సీనియర్ అంటేనే ఏడిపించడానికి లైసెన్స్ ఉన్నవాడన్నట్టు తయారైంది.

సరే, ఇవన్నీ వినడానికి బాగుంటాయి, నిజంగా పని చేస్తాయా అని అడిగేవాళ్ళుంటారు, అడగాలి కూడా. దానికీ జవాబు ఉంది. న్యూజెర్సీలో 2012-13 విద్యా సంవత్సరంలో 56 మిడిల్ స్కూళ్ళలో, 24,191 మంది పిల్లలతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. ముందు ప్రతి పిల్లాడినీ, పిల్లనీ నువ్వు ఎవరితో ఎక్కువ టైం గడుపుతావో పేర్లు రాయమన్నారు. దాంతో ఏ పిల్లల మీద అందరి కళ్ళూ ఉంటాయో తెలిసిపోయింది. తర్వాత సగం స్కూళ్ళలో, ఒక్కో స్కూల్‌కి 20 నుంచి 32 మందిని లాటరీ తీసినట్టు తీసి ఒక గ్రూప్ చేశారు. పెద్దవాళ్ళు వాళ్ళకి స్పీచ్‌లు ఇవ్వలేదు, నీతి పాఠాలు బట్టీ పెట్టించలేదు, మీ స్కూల్లో మిమ్మల్ని బాధపెట్టే గొడవ ఏంటో మీరే చెప్పండి, ఏం చేద్దామో మీరే చెప్పండి అన్నారు. పిల్లలే పోస్టర్లు వేశారు, ఎవరైనా ఒక గొడవ ఆపితే, ఒకరికి సాయం చేస్తే వాళ్ళ చేతికి ఆరెంజ్ బ్యాండ్ కట్టారు. ఏడాది తిరిగేసరికి ఆ స్కూళ్ళలో గొడవల మీద రాసే క్రమశిక్షణ రిపోర్టులు మిగతా స్కూళ్ళతో పోలిస్తే 30 శాతం తగ్గాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏంటంటే, ఆ గ్రూపులో పదిమంది చూపు తమ వైపు తిప్పుకోగల పిల్లలు ఎంత ఎక్కువుంటే ఫలితం అంత ఎక్కువ వచ్చింది.

ఇక్కడే మన స్కూళ్ళ సంగతి ఆలోచించాలి. మన దగ్గర క్లాస్ లీడర్ ఎవరు? ఫస్ట్ ర్యాంకర్, లేదా టీచర్లకి బాగా దగ్గరైన పిల్లాడు. సారు లేనప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడమే వాడి డ్యూటీ. ఆ పేర్లున్నవాళ్ళకి దెబ్బలు పడతాయి, కాబట్టి వాడికి క్లాసులో గౌరవం ఉండదు, భయం ఉంటే ఉంటుంది, వెనక తిట్లుంటాయి. పిల్లలు ఎవరి మాట వింటారో టీచర్లకి తెలుసు, చివరి బెంచీలో కూర్చుని కబడ్డీ బాగా ఆడేవాడు, నవ్వించేవాడు, ఊళ్ళో పండగకి పదిమందిని పోగేసేవాడు, అమ్మాయిల్లో అందరూ తమ గోడు చెప్పుకునే ఒక పెద్దక్కలాంటి పిల్ల. హింస ఆపే పని ఇవ్వాల్సింది వీళ్ళకి. వాళ్ళకి మార్కులు తక్కువ రావచ్చు, వాళ్ళలో ఒకరిద్దరు నిన్నటిదాకా కొట్టినవాళ్ళే కావచ్చు, అయినా సరే. కమిటీ అనగానే టాపర్ల లిస్ట్ రాసి పంపే అలవాటు మారకపోతే ఆ కమిటీ ఫొటోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

మన దేశంలో ప్రయత్నాలే లేవని మేము అనట్లేదు. కేరళలో 2010లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ మొదలైంది, 2018లో దేశమంతా తెచ్చారు, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలకి చట్టాలు, క్రమశిక్షణ నేర్పుతున్నారు, మంచిదే. ర్యాగింగ్ మీద మన ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది, 2009లో యూజీసీ రూల్స్ వచ్చాయి, 1800-180-5522 నంబర్ 24 గంటలూ పని చేస్తుంది. చిన్నపిల్లలకి 1098 హెల్ప్‌లైన్ ఉంది. ఇవన్నీ పైనుంచి కిందకి వచ్చినవి, దెబ్బ తగిలాక ఎక్కువ పనికొచ్చేవి. దెబ్బ తగలకముందు పనికొచ్చేది పిల్లల మధ్యే పుట్టాలి. గురుకులాలు, ఇంటర్ హాస్టళ్ళలో ఇంకా ఎక్కువ అవసరం, రాత్రి పదింటికి వార్డెన్ గది తలుపు వేసుకున్నాక డార్మిటరీలో ఏం జరుగుతుందో పక్క మంచం పిల్లాడికే తెలుసు. పుట్టినరోజు పేరుతో నడుము మీద తన్నే బంప్స్‌ని ఫోన్లో రీల్ తీసి పెడుతున్నారంటే అది సరదా అని అందరూ ఒప్పుకున్నట్టే, అందులో ఒక్కడు "ఆపండ్రా, వాడికి నొప్పెడుతోంది" అంటే సరదా అక్కడితో ఆగుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం చెయ్యాలి. పిల్లల్ని ముందు పెట్టడం అంటే పెద్దవాళ్ళు వెనక్కి తప్పుకోవడం కాదు. కత్తి పట్టుకున్నవాడి ముందుకి వెళ్ళమని ఏ పిల్లకీ చెప్పకూడదు, అలెక్స్ ఎలా పోయాడో చూశాం కదా. గొడవ చిన్నదైతే మాట, పెద్దదైతే పరిగెత్తుకెళ్ళి పెద్దవాళ్ళకి కబురు, ఈ తేడా ముందే నేర్పాలి. లైంగిక వేధింపుల సంగతి ఏ పిల్ల నోటి నుంచి విన్నా, పోలీసులకి చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం చెప్తోంది, స్కూల్ పరువు పోతుందని కూర్చోబెట్టి రాజీ చెయ్యడానికి వీల్లేదు. అన్నిటికన్నా ముందు, పిల్ల వచ్చి చెప్పిన రోజు ఏదో ఒకటి జరగాలి. ఒకసారి ధైర్యం చేసి చెప్పి, ఏమీ జరగక, పైగా పేరు బయటపడి దెబ్బలు తిన్న పిల్ల మళ్ళీ జన్మలో నోరు తెరవదు, ఆమెని చూసిన ఇంకో ముప్ఫై మంది కూడా తెరవరు.

మేము చూసిన ఒక స్కూల్లో ఫిర్యాదుల పెట్టె ఉంది. సరిగ్గా హెడ్‌మాస్టర్ గది గుమ్మం పక్కన, అందరూ నడిచే వరండాలో గోడకి కొట్టి ఉంది. అందులో చీటీ వెయ్యాలంటే ఆ పిల్ల మూడు క్లాసుల ముందు నుంచి నడిచి వెళ్ళాలి. తాళం తుప్పు పట్టింది, తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే అటెండర్ని అడగండి అన్నారు, అటెండర్ పాత సారుని అడగాలన్నాడు. కన్నంలోంచి తొంగి చూస్తే చాక్లెట్ కాగితాలు కనిపించాయి.

ఈ జూన్‌లో బడులు తెరిచాక రెండు పనులు చెయ్యమని ప్రతి హెడ్‌మాస్టర్‌నీ, ప్రిన్సిపాల్‌నీ కోరుతున్నాం, వీటికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. మొదటి వారంలో ప్రతి పిల్లకీ ఒక చీటీ ఇచ్చి, నీకు కష్టమొస్తే క్లాసులో ఎవరికి చెప్పుకుంటావో మూడు పేర్లు రాయమనండి, ఎక్కువసార్లు వచ్చిన పేర్లున్న పిల్లల్ని, వాళ్ళ ర్యాంకు చూడకుండా, పిలిచి కూర్చోబెట్టి మన బడిలో ఏం బాలేదో అడగండి. రెండోది, ఆ పెట్టెని గుమ్మం పక్క నుంచి ఊడదీసి నీళ్ళ కుళాయి దగ్గరో, ఆడపిల్లల టాయిలెట్ల దారిలోనో, ఎవరు ఎప్పుడు ఆగినా ఎవరికీ అనుమానం రాని చోట పెట్టండి. కొత్త తాళం వెయ్యండి, చెవి ఇద్దరి దగ్గర ఉంచండి, అందులో ఒకరు పిల్లలు ఎంచుకున్న టీచర్ అయి ఉండాలి, రోజూ సాయంత్రం లాంగ్ బెల్లు కొట్టాక ఆ పెట్టె తెరవండి.